డిజైన్ పండగకు చోటు వెతుకుతూ: ఒంగోలు నుంచి ఉదయగిరి దాకా

జీతం, భత్యం లేకుండా పనిచేసే బృందం మాది. బోర్డులు రాసేవాళ్లున్నారు, ఇళ్ల ప్లాన్లు గీసేవాళ్లున్నారు, ఒక వడ్రంగి మేస్త్రి, బడిలో డ్రాయింగ్ చెప్పే మేడమ్ ఉన్నారు. మిగతా అంతా కాలేజీ పిల్లలు. అందరం కలిసి మూడు రోజుల డిజైన్ పండగ చేయాలనుకున్నాం. టికెట్ ఉండదు, ముఖ్య అతిథి ఉండడు, శాలువాలు కప్పడాలు ఉండవు. దానికి సరిపడే ఊరు చూడటానికి బయలుదేరాం. చోటు, బస, తిండి, రాకపోకలు అన్నీ మా అవసరం వైపు నుంచే చూశాం కాబట్టి, పెద్ద గుంపుతో ఏదైనా కార్యక్రమం పెట్టుకునేవాళ్లకు ఈ వివరాలు పనికొస్తాయి.

డిజైన్ అనగానే చాలామందికి పెళ్లికార్డులో, బట్టల ఫ్యాషనో గుర్తొస్తాయి. మేం అనుకునేది వేరు. పెద్దాసుపత్రిలో ఏ గది ఎటో చదువు రానివాళ్లకు కూడా తెలిసేలా ఉండే బోర్డు, బస్టాండులో మోకాళ్ల నొప్పులున్న పెద్దామె కూర్చుని లేవగలిగే బెంచీ, చేతిలో ఇమిడే గరిటె, ఇవీ డిజైనే. 1958లో మన ప్రభుత్వం పిలిస్తే దేశమంతా తిరిగిన అమెరికన్ డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు, తాము చూసిన వస్తువులన్నిట్లోకీ చెంబును గొప్పదిగా ఎంచారు. వాళ్ల నివేదిక తర్వాతే 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ వచ్చింది. చెంబును ఎవరో ఒక్కరు గీసి పెట్టలేదు, తరతరాలుగా వాడినవాళ్లు, చేసినవాళ్లు దిద్దుకుంటూ వచ్చారు. అలా వస్తువులు దిద్దేవాళ్ల మధ్యే పండగ జరగాలని మా కోరిక. ఊళ్లను తూచింది ఆ లెక్కతోనే.

మొదట ఒంగోలు. సౌకర్యాల వరకు చూస్తే ఒంగోలుకు వంక పెట్టలేం. విజయవాడ, చెన్నై మెయిన్ లైన్ మీద ఉంది, జాతీయ రహదారి పక్కనే ఉంది. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు రాత్రి రైలెక్కితే పొద్దున్నే దిగొచ్చు. లాడ్జీలు అన్ని ధరల్లో ఉన్నాయి. మేం దిగిన చోట దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు అడగకుండానే వచ్చాయి. బస్టాండ్‌కు దగ్గర కాబట్టి రాత్రంతా హారన్లు మాత్రం తప్పవు. వెనకవైపు గది అడిగి తీసుకోవడం మంచిది.

హాళ్ల దగ్గరే ఇబ్బంది. ఒక కల్యాణ మండపం మాకు బాగా నచ్చింది: పెద్ద వంటశాల, కారు పార్కింగ్, జనరేటర్. కానీ భోజనాలు వాళ్ల కేటరింగ్ నుంచే తీసుకోవాలన్నారు. మేం ఇంటింటి నుంచి వంటలు తెప్పించి, వాలంటీర్లు వడ్డించే పద్ధతి అనుకున్నాం. ఆ మాట చెప్పగానే మేనేజరుకు మాతో మాట్లాడే ఆసక్తి పోయింది. పైగా స్టేజీ మూడడుగుల ఎత్తు, మెట్లు తప్ప వేరే దారి లేదు. చక్రాల కుర్చీ ఎక్కాలంటే అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు చొప్పున వాలు కట్టాలి. అంటే ముప్పై ఆరు అడుగుల ర్యాంపు. హాలు సగం అదే తింటుంది. డిజైన్ పేరు పెట్టుకుని, కొందరు కిందే ఉండిపోవాల్సిన స్టేజీ మీద పండగ చేయడం మాలో ఎవరికీ ఇష్టం లేదు. నేల మీదే గుండ్రంగా కుర్చీలు వేసుకుని మాట్లాడుకోవాలని అక్కడే తీర్మానించుకున్నాం.

ఒంగోలుకు దగ్గర్లోనే చీమకుర్తి. నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరిసే బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ అక్కడిది. ప్రపంచంలో ఎక్కడెక్కడి వంటింటి గట్టుల మీదో కనిపించే రాయి. క్వారీ అంచున నిలబడి కిందికి చూస్తే లారీలు బొమ్మల్లా కనిపిస్తాయి. చూడాల్సిన చోటే, కాని పిల్లలతో వర్క్‌షాపు పెట్టే చోటు కాదు. దుమ్ము, పెద్ద మిషన్లు, అనుమతులు. కొత్తపట్నం బీచ్‌కు కూడా వెళ్లాం. ఇసుకలో షామియానా వేస్తే సాయంత్రం గాలికి నిలవదు, ఉప్పు తేమకు ప్రొజెక్టర్లు పాడవుతాయి. పొద్దున్నే నడకకు బాగుంటుంది, అంతే. మార్కాపురం పలకల మీద నాకు చాలా ఆశ ఉండేది. ఎన్ని తరాలు అక్షరాలు దిద్దుకున్నది ఆ రాతి పలకల మీదే కదా! కానీ ఒంగోలు నుంచి పడమటికి అంత దూరం, అక్కణ్ణుంచి మళ్లీ నెల్లూరు వైపు రావడం అంటే వాలంటీర్ల ఓపికంతా బస్సుల్లోనే అయిపోతుంది. ఈసారికి వదిలేశాం. పలకలు మాత్రం తెప్పిస్తాం. బోర్డులన్నీ వాటి మీదే సుద్దముక్కతో రాస్తాం. ఫ్లెక్సీ ఒక్కటీ కట్టం.

ఒంగోలు నుంచి నెల్లూరుకు 120 కిలోమీటర్ల పైచిలుకు. సింగరాయకొండ, కావలి మీదుగా హైవే ప్రయాణం, చెప్పుకోదగ్గ కష్టం లేదు.

బసకు ఈ చుట్టుపక్కల నెల్లూరును మించింది లేదు. ట్రంకు రోడ్డు చుట్టుపక్కల మామూలు లాడ్జీ నుంచి పెద్ద హోటల్ దాకా ఉన్నాయి. ఒకే చోట ఇరవై గదులు అడిగితే ధర తగ్గిస్తారు, కాని నోటి మాట నమ్మకుండా కాగితం మీద రాయించుకోవాలి. ఒక లాడ్జీలో ఫోన్‌లో చెప్పిన ధర వేరు, కౌంటర్ దగ్గర చెప్పింది వేరు. ఆడపిల్లలు ఎక్కువమంది ఉన్న బృందమైతే లిఫ్టు దగ్గర, మెట్ల మీద లైట్లు ఉన్నాయో లేదో రాత్రిపూటే వెళ్లి చూడండి. పగలు చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. తిండి గురించి కొత్తగా చెప్పేదేముంది? మామిడికాయ ముక్కలేసిన చేపల పులుసు, మర్నాటికి ఇంకా బాగుంటుంది. పొద్దున కారం దోసె. తిరిగి వెళ్లేటప్పుడు మలై కాజా. ఆటోవాళ్లతో ఎక్కే ముందే మాట్లాడుకోవాలి. మాకు దొరికిన అతను మాత్రం రోజంతా తిప్పి, న్యాయంగా తీసుకున్నాడు. "మీరు పండగ పెట్టినప్పుడు చెప్పన్నా, మా స్టాండు వాళ్లందరికీ చెప్తాను" అన్నాడు. అతని నంబరు తీసుకున్నాం. అలాంటి మనుషులే పండగను నడిపిస్తారు.

హాళ్ల విషయంలో నెల్లూరులో తెలుసుకున్నది అందరికీ ఉపయోగం. సంక్రాంతి తర్వాత వాతావరణం చల్లగా, పొడిగా బాగుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాను భయం. మార్చిలో ఇంటర్ పరీక్షలు. ఆ తర్వాత ఎండలు. కాబట్టి జనవరి, ఫిబ్రవరే మాకు సరైన కాలం. కానీ మాఘమాసం వచ్చిందంటే పెళ్లిళ్లు. ఏ మండపం ఖాళీ ఉండదు, ఉన్నా అద్దె మోత మోగిపోతుంది. టెంట్ హౌస్ వాళ్లకూ, వంటవాళ్లకూ తీరికుండదు. అందుకని సంక్రాంతి వెళ్లాక పుష్యమాసంలో మిగిలిన రోజులు గానీ, మూఢం రోజులు గానీ చూసుకోమని ఒక టెంట్ హౌస్ పెద్దాయన సలహా ఇచ్చారు. ముహూర్తాలు లేని రోజుల్లో హాళ్లు ఖాళీ, కుర్చీలు ఖాళీ, వంటమనుషులూ దొరుకుతారు. పంచాంగం చూసి తేదీ పెట్టుకోవడమంటే ఇదే. మైకు సంగతి కూడా ఆయనే గుర్తుచేశారు: రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు, మిగతా సమయానికి పోలీసు అనుమతి ముందే తీసుకోవాలి.

నెల్లూరుకు గుంపులను నడిపించడం అలవాటే. మొహర్రం వేళ స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో జరిగే రొట్టెల పండగకు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె. కోరిక తీరినవాళ్లు ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. అంత జనంలో, నీళ్లలో నిలబడి, ఎవరికి కావలసిన రొట్టె వాళ్లు వెతుక్కుంటారు. మా వాలంటీర్ పిల్లలకు శిక్షణ ఇవ్వాలంటే ఆ పండగలో ఒకరోజు దారి చూపించే పని చేయిస్తే చాలని నాకు అనిపించింది. మా బృందంలో నెల్లూరు అమ్మాయి ఒకామె ఏటా అక్కడ నీళ్ల ప్యాకెట్లు పంచుతుంది. పండగకు కావలసిన సామాను జాబితా రాయమంటే, ఆమె మొట్టమొదట రాసింది మరుగుదొడ్లు, చెప్పుల స్టాండు, తప్పిపోయిన పిల్లల కౌంటరు. మాలో ఆర్కిటెక్టులకు కూడా ఆ వరస తట్టలేదు.

ఊరికి దగ్గర్లోనే, పెన్నా ఒడ్డున పల్లిపాడు ఆశ్రమం చూశాం. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించిన చోటు. నిశ్శబ్దంగా ఉంది, చెట్ల నీడ ఉంది. సొంత చేత్తో వడికిన నూలు కట్టుకోవాలని జనానికి చెప్పిన కాలం నాటి ఆవరణలో వాలంటీర్ల మొదటి సమావేశం జరిగితే బాగుంటుందని అందరం అనుకున్నాం. పండగంతా పెట్టే చోటు మాత్రం కాదది. ఆ ప్రశాంతతను మైకులతో చెదరగొట్టకూడదు.

ఇక ఉదయగిరి. నెల్లూరు నుంచి బుచ్చిరెడ్డిపాళెం, సంగం, ఆత్మకూరు మీదుగా దాదాపు వంద కిలోమీటర్లు. కావలి నుంచి వింజమూరు మీదుగా కూడా వెళ్లొచ్చు. బస్సులు ఉన్నాయి, కానీ సాయంత్రం దాటాక వాటి మీద ఆధారపడకూడదు.

ఊళ్లోకి వస్తుండగానే దుర్గం కొండ ఎదురుగా నిలబడుతుంది. కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి, 1514లో ఒడిశా గజపతి రాజుల నుంచి గెలుచుకున్న కోట ఆ కొండ మీదే ఉంది. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకువెళ్లి గుడి కట్టించాడు. ఇప్పుడు ఆ రాయల పేరుతో ఒక తెలుగు ఫాంటు ఉంది, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అక్షరాల వర్క్‌షాపు ఆ కొండ కిందే పెట్టి, ఊళ్లో కొట్ల బోర్డులు పిల్లలతో రాయిద్దామని డ్రాయింగ్ మేడమ్ అన్నారు. కొండ ఎక్కేవాళ్లు తెల్లవారుజామునే బయలుదేరాలి. పైన నీళ్లు దొరకవు, చాలా దూరం నీడ ఉండదు. పాత మసీదులు, గుడులు, కోట గోడలు ముళ్ల పొదల మధ్య ఉన్నాయి. దారి తెలిసిన మనిషి తోడు లేకుండా పిల్లలను పంపం.

మేం అక్కడికి వెళ్లింది చెక్క గరిటెల కోసం. నర్ది, కలివి, బిక్కి లాంటి అడవి కర్రతో చేసే ఉదయగిరి చెక్క చెంచాలకు, ఫోర్కులకు 2015లో భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే ఈ ఊరి ప్రత్యేక సరుకని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, వచ్చింది. ఈ పని చేసేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. ఒక ఇంటి వరండాలో కూర్చుని గంటల తరబడి చూశాం. కర్రను ముందు ముతకగా చెక్కుతారు, తర్వాత ఆకురాయితో రుద్ది ఆకారం తెస్తారు, చివర ఉప్పు కాగితంతో నున్నగా చేస్తారు. పిడి చివర సన్నటి జాలీ నగిషీ. మా వడ్రంగి మేస్త్రి ఒక గరిటె తీసుకుని చాలాసేపు తిప్పి చూసి, పిడి ఎందుకు కొంచెం వంచారని అడిగాడు. ఆ అక్క నవ్వి, గిన్నె అంచుకు ఆనించి చూపించింది. గరిటె జారి లోపల పడలేదు. ఆ ఒక్క వంపు గురించే మేస్త్రి దారంతా మాట్లాడుతూ వచ్చాడు.

నగరాల్లో ఎగ్జిబిషన్లకు వెళ్తుంటారా అని అడిగితే ఆమె చెప్పిన మాట మా లెక్కలన్నీ మార్చింది. "పిలుస్తారు అన్నా. పొద్దున్నుంచి రాత్రి దాకా స్టాల్‌లో కూర్చోవాల. పక్కకు పోదామంటే సరుకు ఎవురు చూస్తారు? బేరం తప్ప, ఎట్ట చేస్తావని అడిగేవాళ్లు తక్కువ. ఇక్కడికి మీరే వస్తే మా పనీ చూస్తారు, మేం కూడా ఇంట్లో ఉంటాం." ఇన్నాళ్లూ పనివాళ్లను హాలుకు ఎలా రప్పించాలా అనే మేం ఆలోచిస్తున్నాం. హాలే వాళ్ల వాకిట్లోకి రావాలి. వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకున్న గంటలకు కూలి లెక్కగట్టి ఇవ్వాలి. వాలంటీర్లం ఉచితంగా పనిచేస్తాం, అది మా ఇష్టం. వాళ్లను ఉచితంగా నేర్పమని అడగడం న్యాయం కాదు.

ఉదయగిరిలో సౌకర్యాలు తక్కువ. ఇది దాచిపెట్టాల్సిన విషయం కాదు. మేం ఉన్న లాడ్జీలో గదులు కొన్నే, పరుపులు పలచన, రాత్రి నీళ్లు ఆగిపోతే పైకి వెళ్లి మోటారు వేయించాల్సి వచ్చింది. అక్కడ పనిచేసే కుర్రాడు మర్యాదస్తుడు, విసుక్కోకుండా బకెట్లు మోసి పెట్టాడు. వందమందికి మాత్రం ఆ ఊళ్లో బస కుదరదు. హోటళ్లు చిన్నవి, వంట రుచిగానే ఉంటుంది, కాని ఒకేసారి నలభైమంది వెళ్తే వాళ్లు తట్టుకోలేరు. పెద్ద వైద్యం కావాలంటే నెల్లూరే. ఒక ప్రథమ చికిత్స పెట్టె, ఒక కారు రోజంతా సిద్ధంగా ఉంచుకోవాలి.

అన్నీ చూశాక కూడా మా ఓటు ఉదయగిరికే. బయటి నుంచి వచ్చేవాళ్లకు, పెద్దవాళ్లకు నెల్లూరులో గదులు. పొద్దున ఆరింటికి రెండు బస్సులు కట్టించుకుని ఉదయగిరి, చీకటి పడేలోగా తిరుగు ప్రయాణం. రాత్రి అక్కడే ఉండేది కొద్దిమంది వాలంటీర్లు, వాళ్లను కూడా రోజుకొక జట్టు చొప్పున మార్చాలి. గత పండగల్లో అందరూ అన్ని పనులూ చేసి మూడో రోజుకు ఎవరికీ గొంతు లేకుండా పోవడం చూశాం. నాలుగు గంటల పని, తర్వాత తప్పనిసరి విశ్రాంతి. భోజనం ముందు వాలంటీర్లకు, తర్వాతే అతిథులకు. కొందరికి ఇది మర్యాద కాదనిపించవచ్చు. ఆకలితో ఉన్న పిల్లవాడు దారి అడిగినవాళ్లకు నవ్వుతూ సమాధానం చెప్పలేడు, అందుకే ఈ నియమం. సమయం మిగిలినవాళ్లు సీఎస్ పురం మండలంలోని భైరవకోన కూడా చూసి రావచ్చు. కొండను తొలిచి మలిచిన ఎనిమిది గుహాలయాలు, పక్కన జలపాతం. వానల తర్వాత వెళ్తే నీళ్లుంటాయి.

ఇంకా తేలాల్సినవి రెండు. మరుగుదొడ్లకు ఊళ్లో ఒక బడివాళ్లను అడిగాం, సెలవు రోజులైతే ఇస్తామన్నారు. తేదీ విషయం గరిటెలు చేసే అక్కవాళ్లతో కూర్చుని తేల్చాలి, వాళ్లకు ఆర్డర్లు ఎక్కువున్న వారాలు వదిలేయాలి. ఈలోగా ఎవరైనా ఉదయగిరి చూడాలనుకుంటే నెల్లూరులో తొలి బస్సే ఎక్కండి, టిఫిన్ ఆత్మకూరులోనే చేసేయండి. గరిటెలు కొనేటప్పుడు బేరం ఆడకండి. ఎలా చేశారో అడగండి, చూపిస్తారు.