సైకిలు ప్రయాణికుల బసలకు ‘బెట్+బైక్’ గుర్తింపు: డాన్యూబ్ దారిలో చూసిన మేరకు ఒక సమీక్ష

జర్మనీలో సైకిలు మీద దూరప్రయాణం చేసేవారికి గది దొరకడం పెద్ద సమస్య కాదు; మురికి చక్రాలతో, తడి బట్టలతో గుమ్మంలో నిలబడిన మనిషిని చూసి ముఖం చిట్లించని బస దొరకడమే కష్టం. 1979లో ఏర్పడిన అక్కడి సైకిలు ప్రయాణికుల సంఘం ఏడీఎఫ్‌సీ, 1995 నుంచి ఇలాంటి హోటళ్లకు, చిన్న అతిథి గృహాలకు, గుడారాల స్థలాలకు ‘బెట్+బైక్’ అనే గుర్తింపు ఇస్తోంది. ఇప్పుడు ఈ జాబితాలో వేల సంఖ్యలో బసలు ఉన్నాయి. బవేరియాలో డాన్యూబ్ నది వెంబడి ఇంగోల్‌స్టాట్ నుంచి రీగెన్స్‌బుర్గ్ మీదుగా పాసావ్ దాకా సాగిన ప్రయాణంలో, వీలైనంత వరకు ఈ గుర్తింపు ఉన్నచోటనే దిగాను.

గుర్తింపు కావాలంటే యజమాని ఒప్పుకోవలసిన షరతులు సాదాసీదాగానే ఉంటాయి. ఒక్క రాత్రికైనా గది ఇవ్వాలి. సైకిళ్లకు తాళం వేసే చోటును ఉచితంగా చూపాలి. తడిసిన బట్టలు ఆరబెట్టుకునే వీలు కల్పించాలి. కడుపు నిండే ఉదయపు ఫలాహారం గానీ, వండుకునే వసతి గానీ ఉండాలి. చిన్న మరమ్మతులకు పనిముట్లు అందుబాటులో ఉంచాలి. దగ్గరలోని సైకిలు మెకానిక్కు ఎక్కడ ఉంటాడో చెప్పగలగాలి. అద్దె ఎంత అన్నదానితో దీనికి సంబంధం లేదు కనుక, గుర్తింపు ఉంటే చవక అని అనుకోకూడదు.

వీటన్నిటిలో అసలైన మేలు మొదటి షరతులోనే ఉంది. వేసవి వారాంతాల్లో అనేక చిన్న హోటళ్లు కనీసం రెండు రాత్రులు ఉండాలని అడుగుతాయి, అందులో దురాశ ఏమీ లేదు. అతిథి ఒక రాత్రి ఉన్నా నాలుగు రాత్రులు ఉన్నా, వెళ్లిపోయాక దుప్పట్లు ఉతకడానికీ, గది కడగడానికీ పట్టే శ్రమ ఒకటే. కుటుంబమే నడుపుకునే గాస్ట్‌హోఫ్‌లలో (భోజనశాల కూడా ఉండే చిన్న సత్రాల్లో) ఆ పని చాలాసార్లు ఇంటావిడే చేసుకుంటుంది. అలా వరుసగా ఒంటిరాత్రి అతిథులను తీసుకోవడమంటే అదనపు చాకిరీకి ముందే ఒప్పుకోవడం. అందువల్ల ఈ సేవకు మార్కులు వేసేటప్పుడు అతిథి వంతు బాధ్యతను కూడా లెక్కలోకి తీసుకోవాలని నా అభిప్రాయం.

ఆ బాధ్యత గది చేరకముందే మొదలవుతుంది. ఇలాంటి బసల్లో రాత్రంతా రిసెప్షన్‌లో మనిషి ఉండడు. సాయంత్రం ఆరు దాటితే యజమానులు తమ ఇంటిపనుల్లో పడతారు. ఎదురుగాలి వల్లనో, పంక్చరు వల్లనో ఆలస్యమవుతుందని మధ్యాహ్నమే ఫోన్ చేసి చెబితే, తాళంచెవిని నంబరు పెట్టెలో ఉంచి ఆ నంబరు చెబుతారు. చెప్పకపోతే వాళ్ల భోజనవేళ పాడవుతుంది. వాన పడుతోందని చివరి గంటలో గది రద్దు చేసుకుని అద్దె ఎగవేసేవారి సంగతి వేరే చెప్పనక్కర లేదు, వారి పాపం వెనక వచ్చే సైకిలువాళ్లకు చుట్టుకుంటుంది.

సైకిళ్లు పెట్టే చోటు విషయంలో నేను చూసిన బసలన్నీ మాట నిలబెట్టుకున్నాయి. కొన్నిచోట్ల అది గ్యారేజి, ఇంకొన్నిచోట్ల పాత పశువుల కొట్టం. డాన్యూబ్ గట్ల మీద దారి చాలా మేర తారు లేని సన్న కంకర దారి కావడం వల్ల, వాన పడితే ఆ తెల్లటి బురద గొలుసుకూ, సంచులకూ, పిక్కలకూ అంటుకుంటుంది. లోపలికి వెళ్లేముందు పెరట్లో నీళ్ల గొట్టం అడిగి కడుక్కోవడం, సంచుల అడుగుభాగం తుడిచిన తరువాతే నేల మీద పెట్టడం (మంచం మీద ఎలాగూ పెట్టకూడదు) కనీస మర్యాద. గొలుసు నూనెను హోటలు తువ్వాలుతో తుడిస్తే ఆ తువ్వాలు ఇక పనికిరాదు. పాత గుడ్డ అడిగితే సంతోషంగా ఇస్తారు. మన ఊళ్ల లాడ్జీల్లోనైతే సైకిలును జనరేటరు పక్కనో, వాచ్‌మన్ కుర్చీ వెనకనో పెట్టమంటారు; ఖరీదైన సైకిలు ఉన్నవారు భయపడి దాన్ని మేడ మీదికి మోసుకుపోతారు, మెట్ల పక్క సున్నం గోడ మీద నల్లటి గీతలు మిగులుతాయి. తాళం వేసిన గది ఒకటి చూపిస్తే ఆ రెండు బాధలూ తప్పుతాయి.

బట్టలు ఆరబెట్టే వసతి మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. మంచి బసలో బాయిలరు ఉన్న నేలమాళిగలో తాళ్లు కట్టి ఉంటాయి, తెల్లారేసరికి బూట్లు కూడా ఆరిపోతాయి; నాసిరకం బసలో స్నానాల గదిలో ఒక మడత స్టాండుతో సరిపెడతారు. అలాంటప్పుడు చెక్క నేల మీద నీళ్లు కారకుండా బట్టలను గట్టిగా పిండి ఆరేయడం మన పని. విద్యుత్ సైకిళ్ల బ్యాటరీలను గదిలో ఛార్జ్ చేయవద్దని పలుచోట్ల రాసి ఉంటుంది. అది నిప్పు భయంతో పెట్టిన నియమం, కరెంటు ఖర్చు గురించి కాదు.

పనిముట్ల పెట్టె ఈ పథకంలో బలహీనమైన భాగం. ఒక బసలో పంక్చరు పట్టీలు ఉన్నాయి గాని వాటికి వేసే జిగురు ఎండిపోయి ఉంది. సొంత పనిముట్లు లేకుండా దీన్ని నమ్ముకుని బయలుదేరవద్దు.

ఫలాహారానికి ఏ వంకా పెట్టలేను. రొట్టె, జున్ను, గుడ్లు, మ్యూస్లీ, పండ్లు కావలసినంత ఉంటాయి. అయితే బల్ల మీదివాటితో మధ్యాహ్నానికి కూడా సాండ్‌విచ్‌లు కట్టుకుపోవడాన్ని అక్కడ చులకనగా చూస్తారు. ముందుగా అడిగితే కొద్దిపాటి సొమ్ము తీసుకుని వారే పొట్లం కట్టిస్తారు. రాత్రి భోజనానికి శాకాహారులకు జున్ను కలిపిన ష్పెట్స్‌లె (గుడ్డు, పిండి కలిపి చేసే నూడుల్స్ లాంటి వంటకం) సాధారణంగా దొరుకుతుంది, కానీ వారంలో ఒక రోజు వంటశాలకు సెలవు ఉంటుంది కాబట్టి గది తీసుకునేటప్పుడే ఆ రోజు ఏదో అడగాలి.

మొత్తం మీద ఐదుకు నాలుగు ఇస్తాను. జర్మనీలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారు మొదటిసారి సైకిలు యాత్రకు వెళ్లదలచుకుంటే ఈ జాబితాతో మొదలుపెట్టవచ్చు. బవేరియా బడులకు పెంతెకోస్తు (ఈస్టరు తరువాత ఏడు వారాలకు వచ్చే క్రైస్తవ పండుగ) సెలవులు రెండు వారాలు ఉంటాయి గనుక, ఆ రోజుల్లో వెళ్లేవారు గదులు చాలా ముందుగా మాట్లాడుకోవాలి.