టెంపర్ యూఎస్‌బీ సెన్సర్: సర్వర్ గదికి కాపలాగా పనికొస్తుంది, థర్మామీటర్‌గా కాదు

విశాఖలో చిన్న ఆఫీసుల్లో, డయాగ్నస్టిక్ సెంటర్లలో సర్వర్ గది అంటే సాధారణంగా తలుపు మూసిన ఓ ఇరుకు గది, అందులో ఒక స్ప్లిట్ ఏసీ, ఒక యూపీఎస్. సర్వర్ యూపీఎస్ మీద ఉంటుంది, ఏసీ ఉండదు. కరెంటు పోయి తిరిగొచ్చాక, ఆటో రీస్టార్ట్ లేని ఏసీ దానంతటది ఆన్ కాదు. సర్వర్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఇది శనివారం రాత్రి జరిగితే సోమవారం పొద్దున తాళం తీసేదాకా ఎవరికీ తెలియదు. ఆ కబురు వెంటనే అందించడానికి తక్కువ ఖర్చులో దొరికే సాధనం పీసీసెన్సర్ కంపెనీ వాళ్ల టెంపర్ అనే ఉష్ణోగ్రత సెన్సర్. పెన్‌డ్రైవ్ అంత ఉంటుంది, పోర్టులో పెడితే చాలు, విడిగా కరెంటు అక్కర్లేదు. ఈ పనికి దీన్ని నిస్సంకోచంగా కొనొచ్చు. కచ్చితమైన డిగ్రీలు కావాలంటే మాత్రం వద్దు.

కొనేవాళ్లు ముందు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. పైన పెట్టె, పేరు ఒకటే అయినా లోపలి చిప్పు, ఫర్మ్‌వేర్ (అందులో ఉండే ప్రోగ్రాం) ఏళ్లు గడిచేకొద్దీ మారుతూ వచ్చాయి. కాబట్టి డబ్బా మీది పేరు కాదు, యూఎస్‌బీ ఐడీ (పరికరం కంప్యూటర్‌కి చెప్పే వెండర్, ప్రొడక్ట్ సంఖ్యలు) చూడాలి. లినక్స్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ, యూనిక్స్ తరహా సిస్టమ్‌లైన ఓపెన్‌బీఎస్‌డీలో యూఎస్‌బీడెవ్స్ -వి, ఫ్రీబీఎస్‌డీలో యూఎస్‌బీకాన్ఫిగ్ అనే కమాండ్ కొడితే కనిపిస్తుంది. పాత సరుకు 0సి45:7401 అని వస్తుంది. తర్వాత వచ్చినవి 413డి:2107, ఆ తర్వాతివి 1ఎ86:ఇ025, ఇంకా కొత్తవి 3553:ఎ001. మీకు ఏది వచ్చిందో చీటీ రాసి దాని మీద అంటించండి. తర్వాతి పని అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఓపెన్‌బీఎస్‌డీ వాడేవాళ్లకు ఇది నిజంగా అయిదు నిమిషాల పని. సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్‌లోనే దీన్ని నడిపే యూగోల్డ్ అనే డ్రైవర్ ఉంది. పెట్టగానే డీమెసేజ్‌లో (కెర్నల్ సందేశాల చిట్టాలో) యూగోల్డ్0 అని పడుతుంది. కొన్ని సెకన్లు ఆగి సిస్‌కంట్రోల్ హెచ్‌డబ్ల్యూ.సెన్సర్స్.యూగోల్డ్0 అని అడిగితే 24.50 డిగ్రీలు, పక్కన బ్రాకెట్లో ఇన్నర్ అని జవాబు వస్తుంది. వైరు చివర ప్రోబ్ (వేడి కొలిచే మొన) ఉన్న మోడల్ అయితే రెండో లైను అవుటర్ అని ఉంటుంది. డీమెసేజ్‌లో యూగోల్డ్ ఊసే లేకుండా కీబోర్డు, యూహిడ్ అనే సాధారణ డ్రైవర్ మాత్రమే కనిపిస్తే, మీ పాత రిలీజ్‌కి ఆ కొత్త ఐడీ తెలియదన్నమాట. సెన్సర్‌ని అనుమానించే ముందు సిస్టమ్‌ని అప్‌గ్రేడ్ చేయండి.

అలారం కోసం విడిగా స్క్రిప్టు రాసి క్రాన్‌లో (వేళకి పనులు నడిపే షెడ్యూలర్‌లో) పెట్టాల్సిన పని కూడా లేదు. సెన్సర్లను గమనించే సెన్సర్స్‌డీ అనే ప్రోగ్రాం ఆ పనికే ఉంది. /ఇటిసి/సెన్సర్స్‌డీ.కాన్ఫ్‌లో సెన్సర్ పేరు రాసి, కోలన్ పెట్టి హై=30సి, మళ్లీ కోలన్ పెట్టి కమాండ్= అని మీ మెయిల్ స్క్రిప్టు దారి ఇవ్వండి. స్క్రిప్టు వెనక %2 పెడితే అప్పటి ఉష్ణోగ్రత దానికి అందుతుంది. ఆర్‌సీకంట్రోల్ కమాండ్‌తో సెన్సర్స్‌డీని ఎనేబుల్ చేసి స్టార్ట్ చేస్తే సరి. హద్దు దాటినప్పుడూ, తిరిగి హద్దులోకి వచ్చినప్పుడూ కమాండ్ నడుస్తుంది. అంటే ఏసీ మళ్లీ ఆన్ అయిందన్న కబురు కూడా అందుతుంది. ఈ చిన్న పరికరాన్ని ఇంత చక్కగా ఇముడ్చుకున్న సిస్టమ్ మరోటి లేదు.

లినక్స్‌లో కాస్త చెయ్యి చేసుకోవాలి. ప్రధాన కెర్నల్‌లో దీనికి ప్రత్యేకమైన హార్డ్‌వేర్ మానిటర్ డ్రైవర్ లేదు. అందుకే సెన్సర్స్ అనే కమాండ్ ఎన్నిసార్లు కొట్టినా ఇది కనిపించదు. పరికరం పాడైందని చాలామంది వెనక్కి పంపేది ఇక్కడే. నిజానికి ఇది తనను తాను రెండు హెచ్‌ఐడీ (కీబోర్డు, మౌస్ తరహా) ఇంటర్‌ఫేస్‌లుగా పరిచయం చేసుకుంటుంది. మొదటిది కీబోర్డు, రెండోది మనకు కావాల్సింది. /డెవ్‌లో వాటితో నేరుగా మాట్లాడేందుకు రెండు హిడ్‌రా ఫైళ్లు పుడతాయి. కీబోర్డు దానికి ప్రశ్న పంపితే జవాబు రాదు, ప్రోగ్రాం అలా వేలాడిపోతుంది. రెండో దానికి పంపాలి.

పంపాల్సిన ప్రశ్న హెక్స్‌లో (16 ఆధారంగా రాసే సంఖ్యల్లో) ఎనిమిది బైట్లు: 01 80 33 01 00 00 00 00. హిడ్‌రా నియమం ప్రకారం రిపోర్ట్ నంబర్ లేని పరికరానికి ముందు ఒక 00 చేర్చాలి, అంటే మొత్తం తొమ్మిది బైట్లు రాయాలి. జవాబు ఎనిమిదేసి బైట్ల ప్యాకెట్లుగా వస్తుంది. మూడో, నాలుగో బైట్లలో ఉష్ణోగ్రత ఉంటుంది, పెద్ద బైటు ముందు. తికమక అంతా ఇక్కడినుంచే. పాత 7401 రకంలో ఆ సంఖ్యను 256తో భాగించాలి, 2107 ఐడీతో వచ్చే, గోల్డ్ అని పిలిచే రకంలో 100తో. జవాబు 80 80 09 90 అని మొదలైందనుకోండి. 0990 హెక్స్ అంటే 2448, గోల్డ్ లెక్కన 24.48 డిగ్రీలు. పొరపాటున 256తో భాగిస్తే 9.56 వస్తుంది. అదే పాత రకం 80 02 18 80 అని జవాబిస్తే 1880 హెక్స్ అంటే 6272, సరైన లెక్కన 24.5. దాన్ని 100తో భాగిస్తే 62.72 అని చూపించి గుండె ఆగిపోయేలా చేస్తుంది. ఏసీ గదిలో తొమ్మిదో, అరవై రెండో కనిపిస్తే సెన్సర్ తప్పు కాదు, భాగహారం తప్పు. సున్నా కిందికి వెళ్లే చోట వాడితే ఆ రెండు బైట్లనూ గుర్తుతో కూడిన 16 బిట్ల సంఖ్యగా చదవాలి, లేకపోతే మైనస్ విలువలు వందల్లో కనిపిస్తాయి.

గోల్డ్ రకం జవాబులో తర్వాతి రెండు బైట్లు 4ఇ 20 అని ఉంటే కంగారుపడకండి. అది 200 డిగ్రీలు కాదు, ఆ చోట ప్రోబ్ లేదని చెప్పే గుర్తు. ప్రోబ్ ఉన్న మోడల్ రెండు ప్యాకెట్లు పంపుతుంది. ఒక్కటే చదివి ఊరుకుంటే రెండోది క్యూలో మిగిలిపోతుంది. ఫైలు తెరిచే ఉంచే ప్రోగ్రాంలో తర్వాతి ప్రశ్నకు ఆ పాత జవాబే ముందు దొరుకుతుంది. లోపలి, బయటి విలువలు తారుమారవడానికి ఇదే కారణం. కాబట్టి ఇంక ఏమీ రావట్లేదని తేలేదాకా, చిన్న టైమౌట్ పెట్టి చదవాలి.

ఐడీ ఒకటే అయినా ఫర్మ్‌వేర్ వేరుగా ఉండొచ్చు. దాన్ని అడగడానికి 01 86 ఎఫ్‌ఎఫ్ 01 00 00 00 00 పంపండి. ప్యాకెట్‌కి ఎనిమిది అక్షరాల చొప్పున ఫర్మ్‌వేర్ పేరు వస్తుంది, అతికించి చదువుకోవాలి. స్క్రిప్టులో ఐడీని కాక ఈ పేరుని చూసి భాగహారం ఎంచుకోవడం సరైన పద్ధతి. ఓపెన్ సోర్స్‌లో దొరికే పైథాన్ స్క్రిప్టుల్లో మంచివి ఇలాగే చేస్తాయి.

అనుమతుల విషయానికొస్తే, హిడ్‌రా ఫైలు మామూలుగా రూట్‌కే (అడ్మిన్ ఖాతాకే) తెరుచుకుంటుంది. సుడో పెట్టి నడిపించకండి, మోడ్ 0666 (అందరికీ చదివే, రాసే అనుమతి) కూడా పెట్టకండి. యూడెవ్ (లినక్స్‌లో పరికరాల ఫైళ్లకు పేర్లు, అనుమతులు ఇచ్చే వ్యవస్థ) రూల్ రాసి ఒక గ్రూప్‌కి 0660 ఇస్తే చాలు. ఇక్కడొక చిక్కుంది. రీబూట్ చేస్తే హిడ్‌రా నంబరు మారొచ్చు కాబట్టి స్థిరమైన పేరు కావాలి. దానికి వెండర్ ఐడీ, ఇంటర్‌ఫేస్ నంబర్ 01 రెండూ కలవాలి. కానీ ఈ రెండు లక్షణాలూ వేర్వేరు పేరెంట్ల (పరికరాల చెట్టులో పై మెట్ల) దగ్గర ఉంటాయి. ఒకే రూల్‌లో రెండు ఏటీటీఆర్‌ఎస్ షరతులు వేర్వేరు పేరెంట్లవైతే అది ఎప్పటికీ సరిపోలదు, తప్పని ఎక్కడా చెప్పదు కూడా. మొదటి రూల్‌లో వెండర్, ప్రొడక్ట్ చూసి ఒక ఎన్విరాన్‌మెంట్ గుర్తు పెట్టండి. రెండో రూల్‌లో ఆ గుర్తునీ, ఇంటర్‌ఫేస్ నంబర్‌నీ చూసి సిమ్‌లింక్ పేరు ఇవ్వండి. తర్వాత యూడెవ్‌ఎడ్‌ఎం కంట్రోల్ --రీలోడ్-రూల్స్ కొట్టి, సెన్సర్‌ని తీసి పెట్టండి. మీ స్క్రిప్టుకి జవాబే రాకపోతే దాన్ని కూడా అలారంగానే లెక్కించేలా రాయండి. ఊడిపోయిన సెన్సర్ ఎప్పటికీ 30 దాటదు.

ఫ్రీబీఎస్‌డీలో లిబ్‌యూఎస్‌బీ లైబ్రరీ వాడే ప్రోగ్రాములు విఫలమయ్యేది కెర్నల్ హెచ్‌ఐడీ డ్రైవర్ ముందే దాన్ని పట్టేసుకోవడం వల్ల. ఆ ఐడీకి యూక్యూ_హెచ్‌ఐడీ_ఇగ్నోర్ అనే క్విర్క్ (దాన్ని వదిలేయమని కెర్నల్‌కి చెప్పే గుర్తు) తగిలించి, సెన్సర్‌ని తీసి పెడితే దారికొస్తుంది.

ఇక కొలత మాట. సర్వర్ వెనక పోర్టులో నేరుగా గుచ్చితే అది గది వేడి చెప్పదు, సర్వర్ వదిలే వేడి గాలినీ, పోర్టు లోహం వేడినీ కలిపి చెబుతుంది. నాలుగైదు డిగ్రీలు ఎక్కువ చూపడం మామూలే, ఒక్కోసారి అంతకు మించే ఉంటుంది. ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని, ర్యాక్ ముందు వైపు, సర్వర్ గాలి పీల్చుకునే ఎత్తులో వేలాడదీయండి. ఏసీ గాలి నేరుగా తగిలే చోట వద్దు, అక్కడ ఎప్పుడూ చల్లగానే ఉందంటుంది. ఏసీ ఇంజనీర్ల అమెరికన్ సంఘమైన అష్రే సర్వర్ గదులకు సిఫారసు చేసే పరిధి 18 నుంచి 27 డిగ్రీలు, అదీ సర్వర్ లోపలికి వెళ్లే గాలికి. గది 24 దగ్గర నిలకడగా ఉంటే అలారం 30కి పెట్టడం సమంజసం. 27కే పెడితే తలుపు తీసినప్పుడల్లా మెయిల్ వస్తుంది, నాలుగు రోజులకి ఎవరూ చదవరు.

పాత మోడళ్లలో ఉన్నది ఎల్ఎం75 జాతి చిప్పు. ఆ జాతి హామీ ఇచ్చేది రెండు డిగ్రీలు అటూ ఇటూ. పాయింటు తర్వాత రెండంకెలు చూపిస్తుందని మోసపోకండి. ఆ అంకెలు ఎంత చిన్న మార్పుని పసిగట్టగలదో చెబుతాయి, ఎంత సరిగ్గా ఉందో కాదు. ఏసీ ఆగిందో లేదో తెలియడానికి ఇది చాలు. మందుల షాపులో వ్యాక్సిన్ ఫ్రిజ్‌కి మాత్రం పెట్టకండి. అక్కడ ఉండాల్సింది 2 నుంచి 8 డిగ్రీల మధ్య. ఇది 7 చూపిస్తుంటే నిజంగా 9 ఉండే అవకాశం ఉంది. అలాంటి చోటికి కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉన్న లాగర్ కొనాల్సిందే.

స్టీల్ ప్రోబ్ ఉన్న మోడల్ అయితే తేడా మీరే చూసుకోవచ్చు. గ్లాసు నిండా చితక్కొట్టిన ఐసు వేసి, సందులు నిండేంత నీళ్లు పోసి, కలుపుతూ ప్రోబ్ ముంచండి. అంకె కదలడం ఆగాక సున్నాకి ఎంత దూరంలో ఉందో అదే తేడా. ఐసు పైకి తేలి అడుగున నీళ్లు మిగిలితే కొలత తప్పుతుంది, అడుగు దాకా ఐసు ఉండాలి.

మన ఊరి గాలి గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బయట 32 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్న రోజున మంచు బిందువు (గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) 28 డిగ్రీలు. అంటే 24 డిగ్రీల గది తలుపు తెరిచి ఉంచితే, లోపలి చల్లని లోహం మీద నీరు పడుతుంది. ఏసీ ఆగిందని అలారం రాగానే తలుపులు బార్లా తీయకుండా, ముందు ఏసీ ఆన్ చేయడమే మంచిది. బీచ్ రోడ్ వైపు, రుషికొండ వైపు భవనాల్లో ఉప్పుగాలి తోడై యూఎస్‌బీ కాంటాక్టులు పాచిపట్టినట్టవుతాయి. డీమెసేజ్‌లో సెన్సర్ ఊరికే డిస్‌కనెక్ట్ అయి మళ్లీ కనెక్ట్ అవుతున్నట్టు వరసగా లైన్లు పడుతుంటే, ముందు చూడాల్సింది ఎక్స్‌టెన్షన్ కేబుల్ అతుకు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనిచ్చి పెట్టండి. వదులుగా ఉంటే కేబుల్ మార్చేయండి.

ఇంతకన్నా కచ్చితత్వం కావాలంటే డీఎస్18బీ20 అనే సెన్సర్ చిప్పు ఉంది. మైనస్ 10 నుంచి 85 డిగ్రీల వరకు అర డిగ్రీ తేడాలోనే చెబుతుంది. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కి జీపీఐఓ 4 పిన్ను మీద, 4.7 కిలో ఓమ్ రెసిస్టర్‌తో కలపాలి. డీఎస్2490 చిప్పున్న యూఎస్‌బీ అడాప్టర్ దొరికితే ఓపెన్‌బీఎస్‌డీ కూడా దాన్ని నేరుగా చదువుతుంది. కొలత పూర్తికాకుండానే చదివితే డీఎస్18బీ20 85 అని చూపిస్తుంది. 12 బిట్ల కొలతకి గరిష్ఠంగా 750 మిల్లీసెకన్లు పడుతుంది, అందాకా ఆగాలి. నకిలీ చిప్పులు విపరీతంగా తిరుగుతున్నాయి కాబట్టి నమ్మకమైన చోటే కొనాలి. టంకం పెట్టడం రానివాళ్లకి టెంపరే నయం.

రెండు గదులకి రెండు టెంపర్లు ఒకే సర్వర్‌కి తగిలించాలనుకుంటే, వీటికి విడి సీరియల్ నంబర్ ఉండదని గుర్తుంచుకోండి. ఐడీ చూసి ఏది ఏ గదిదో చెప్పలేం. యూడెవ్ రూల్‌లో కెర్నెల్స్ అనే షరతు దగ్గర పోర్టు దారి, అంటే 1-1.2 లాంటిది, రాసి ఒక్కోదానికి ఒక్కో పేరు ఇవ్వాలి. ఆ తర్వాత వాటి పోర్టులు మార్చకూడదు.