సొంతంగా చేసుకున్న అలారం గడియారం: చాన్నాళ్లు వాడాక

డబ్బులు మిగుల్చుకోవాలంటే డిస్‌ప్లే దగ్గర మిగుల్చుకోండి, టైమ్ చిప్ దగ్గర మాత్రం వద్దు. నాది ఆర్డుయినో నానో (కోడ్ రాసి నడిపించే చిన్న బోర్డు), టైమ్ చిప్‌గా డీఎస్3231 మాడ్యూల్, నాలుగంకెల టీఎం1637 డిస్‌ప్లే, బజర్, నాలుగు బటన్లు. పాత ఫోన్ చార్జర్‌తో నడుస్తోంది.

చౌకగా దొరికే ఇంకో టైమ్ చిప్ డీఎస్1307కి క్రిస్టల్ (టైమ్ లెక్కకి తాళం వేసే క్వార్ట్జ్ ముక్క) బయట ఉంటుంది, గది వేడెక్కితే దాని లెక్క మారిపోతుంది. 20 పీపీఎం, అంటే పది లక్షల్లో 20 వంతుల తేడా అంటే వినడానికి ఏమీ అనిపించదు గానీ రోజుకి దాదాపు 1.7 సెకన్లు, నెల తిరిగేసరికి 50 సెకన్ల పైమాటే. డీఎస్3231లో క్రిస్టల్ చిప్ లోపలే ఉండి, ఉష్ణోగ్రత చూసుకుని తనే సరిదిద్దుకుంటుంది. 0 నుంచి 40 డిగ్రీల దాకా 2 పీపీఎం లోపే, అంటే ఏడాదికి నిమిషం అటూ ఇటూ. మా ఎండాకాలాల్లో కూడా నాది అంత తప్పలేదు.

మాడ్యూల్‌తో ఒక చిక్కుంది. బజార్లో దొరికే నీలం బోర్డుల్లో చాలావాటికి, కరెంటు పోయినా టైమ్ నిలిపే సెల్‌ని చార్జ్ చేసే సర్క్యూట్ ఉంటుంది. మనం పెట్టేదేమో చార్జ్ చేయకూడని సీఆర్2032. 5 వోల్టులు ఇస్తున్నట్టయితే అక్కడున్న బుల్లి డయోడ్‌ని సోల్డరింగ్ ఐరన్‌తో పీకేయండి, రెండు నిమిషాల పని.

ఆ సెల్ టైమ్‌ని కాపాడుతుంది గానీ అలారాన్ని మోగించలేదు. తెల్లవారుజామున కరెంటు పోతే బజర్ నోరెత్తదు, ఇన్వర్టర్ లైన్ మీద పెట్టాకే నాకు ఆ టెన్షన్ తీరింది. నాలా అలారం టైమ్‌ని ఆర్డుయినోలోనే ఉంచితే, దాన్ని ఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీలో) రాయించకపోతే కరెంటు వచ్చాక అదీ గల్లంతే.

టీఎం1637కి వెలుగు ఎనిమిది మెట్లలో తగ్గించుకోవచ్చు, కానీ చీకటి గదిలో అన్నిటికంటే తక్కువ మెట్టు కూడా కళ్లలో పొడుస్తుంది. కారు అద్దాలకు వేసే నల్ల ఫిల్మ్ ముక్క ఒకటి అంటించాను. స్నూజ్‌కి మాత్రం గోడకి బిగించే కాలింగ్ బెల్ బటనే పెట్టాను, నిద్రమత్తులో చెయ్యి ఎటు పడినా దొరుకుతుంది, ఆ చిన్న చిన్న స్విచ్‌లు వెతుక్కునేలోపు ఇల్లంతా లేస్తుంది మరి.

ఖర్చు లెక్కేస్తే దుకాణంలో కొన్నదే చౌక. కానీ నాది శనివారం అరగంట ఆలస్యంగా మోగుతుంది, ఆదివారం అసలు మోగదు, ఆ రెండు లైన్ల కోడ్ కోసమైనా నేను మళ్లీ ఇదే చేసుకుంటాను.