పండగ కోసం రైలెక్కితే: నాలుగు ఉత్సవాలు, నా బేరీజు

పండగ చూడడానికే సెలవు పెట్టి వెయ్యి కిలోమీటర్లు దాటి వెళ్ళడం మా ఇంట్లో మొదట ఎవరికీ రుచించలేదు. సంక్రాంతికి సొంతవాళ్ళ దగ్గరికి వెళ్ళడం వేరు, ఎవరి పండగకో వెళ్ళి పరాయివాడిలా ఒక పక్కన నిలబడడం వేరు. అయినా గత ఏడేళ్ళలో కచ్ఛ్‌లో రణ్ ఉత్సవానికి, రాజస్థాన్‌లో పుష్కర్ మేళాకు, నాగాలాండ్‌లో హార్న్‌బిల్ పండగకు, కేరళలో త్రిస్సూర్ పూరానికి వెళ్ళివచ్చాను. కరపత్రాల్లో ఈ నాలుగూ ఒకే రకంగా రంగురంగులుగా కనిపిస్తాయి. తీరా వెళ్ళి చూస్తే ఒకటి విడిది, ఒకటి సంత, ఒకటి ప్రదర్శన, ఒకటి అచ్చమైన తిరునాళ్ళు. డబ్బు కట్టే ముందు తెలుసుకోవలసింది ఈ తేడానే. యాత్రికుడి కోసం పెట్టిన పండగలో పడక మెత్తగా ఉంటుంది. ఊరు తన కోసం చేసుకునే పండగలో మనకు కుర్చీ వేసే నాథుడు ఉండడు.

రణ్ ఉత్సవం గురించి క్లుప్తంగానే చెప్పవచ్చు. భుజ్‌కు ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న ధోర్డో గ్రామం దగ్గర చలికాలమంతా గుడారాల నగరం వెలుస్తుంది. అక్కడ సాయంత్రం పూట ఏర్పాటు చేసే పాటలు, నృత్యాలు ఏ పెద్ద హోటల్లోనైనా చూడగలిగినవే, వాటి కోసం అంత దూరం పోనక్కరలేదు. పోవలసింది ఉప్పు కోసం. వానాకాలంలో రణ్ అనే ఆ ఎడారిని కప్పిన నీరు చలికాలానికి ఇంకిపోయి, దిగంతం దాకా తెల్లని పొరను మిగులుస్తుంది. నవంబరు మొదట్లో వెళితే ఆ పొర ఇంకా బురదగానే ఉండే అవకాశం ఉంది కాబట్టి డిసెంబరు తరువాత, వీలైతే పున్నమి రోజుల్లో వెళ్ళడం మంచిది. వెన్నెల్లో నేను నాలుగడుగులు వేయగానే కాలి కింద ఉప్పు పటికబెల్లం నలిగినట్టు చప్పుడు చేసింది. కాసేపు కదలకుండా నిలబడితే ఆ చప్పుడు తప్ప అక్కడ మరే చప్పుడూ లేదని అర్థమైంది. రెండు రాత్రులు చాలు. మూడో రోజు నిరోణా గ్రామానికి వెళ్ళి రోగన్ పని చూడండి. ఆముదాన్ని గంటల తరబడి మరిగించి రంగు కలిపిన ముద్దను అరచేతిలో పెట్టుకుని, సన్నని లోహపు పుల్లతో దారంలా సాగదీసి, పుల్ల గుడ్డకు తగలకుండానే పూలూ తీగలూ వేస్తారు. ఉత్సవపు గుడారాల మధ్య ఉన్న దుకాణాల్లో కొనడం కంటే ఆ పని చేసే చేతుల దగ్గరే కొనడం నాకు న్యాయంగా తోచింది.

పుష్కర్ విషయంలో నేను మోసపోయాననే చెప్పాలి, అయితే అందులో సగం నా అజ్ఞానమే. నాకు టికెట్లు కట్టిన ఏజెంటు కార్తీక పున్నమితో ముగిసే చివరి మూడు రోజులను "మేళాలో అసలైన రోజులు" అని చెప్పి అమ్మాడు. యాత్రికులకు అవి అసలైన రోజులే, ఎందుకంటే ఏకాదశి నుంచి పున్నమి వరకు పుష్కర సరోవరంలో స్నానానికి జనం పోటెత్తుతారు. పశువుల సంత మాత్రం అప్పటికే ముగిసిపోతుంది. బేరగాళ్ళు దశమి నాటికే మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోతారు. నేను ఇసుక దిబ్బ ఎక్కేసరికి మిగిలినవి గుంజలు పీకిన గుంటలు, ఎండిన పేడ, అద్దెకు సవారీ తిప్పే పది పన్నెండు ఒంటెలు. మిగిలిన గుర్రాలు కొన్ని ఉండబట్టి సరిపోయింది. మార్వాడీ గుర్రం చెవుల చివరలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకుతూ ఉంటాయని పుస్తకంలో చదవడం వేరు, అది మన అలికిడి విని ఆ రెండు చెవులనూ తిప్పడం అడుగు దూరం నుంచి చూడడం వేరు.

అయితే సంతకే వెళ్ళినా మునుపటి ఒంటెల సముద్రాన్ని ఊహించుకోకండి. 2012 పశుగణనలో దేశం మొత్తం మీద 4 లక్షలున్న ఒంటెలు 2019 గణన నాటికి 2.5 లక్షలకు పడిపోయాయి. రాజస్థాన్ ప్రభుత్వం 2014లో ఒంటెను రాష్ట్ర జంతువుగా ప్రకటించి, 2015లో దాని వధను నిషేధిస్తూ, రాష్ట్రం దాటించడంపై ఆంక్షలు పెడుతూ చట్టం చేసింది. రక్షణ కోసం తెచ్చిన ఆ చట్టమే బయటి రాష్ట్రాల కొనుగోలుదారులను దూరం చేసి తమ పొట్ట కొట్టిందని ఒంటెలను తరతరాలుగా పెంచుతున్న రైకాలు అంటారు. కనుక సంత చూడదలచినవారు మేళా అధికారికంగా మొదలు కావడానికి ఒకటి రెండు రోజుల ముందే పుష్కర్ చేరాలి. ఘాట్ల మీద ఎవరైనా చేతిలో పువ్వు పెడితే, సంకల్పం చెప్పించుకునే ముందే దక్షిణ ఎంతో తేల్చుకోండి.

హార్న్‌బిల్ పండగకు అనుమానంతోనే బయలుదేరాను, ఎందుకంటే అది 2000లో రాష్ట్ర ప్రభుత్వం పుట్టించిన పండగ. నాగాలాండ్ అవతరణ దినమైన డిసెంబరు 1న మొదలై 10 వరకు, కొహిమాకు 12 కిలోమీటర్ల దూరంలోని కిసామా వారసత్వ గ్రామంలో జరుగుతుంది. నాగా తెగల సొంత పండగలు వేరే ఉన్నాయి. అంగామీల సెక్రెన్యి ఫిబ్రవరిలో, కొన్యాకుల ఆవొలింగ్ ఏప్రిల్‌లో, ఆవోల మోత్సు మే నెలలో, ఎవరి పొలం పనులకు తగ్గట్టు వారి ఊళ్ళలో జరుగుతాయి. వాటన్నిటినీ ఒకే కొండవాలు మీద పది రోజుల పాటు వరుసగా పేర్చి చూపిస్తారు కనుక, ఇది మెట్ల మీద పెట్టిన బొమ్మల కొలువులా ఉంటుందని అనుకున్నాను.

నడిమి మైదానంలో జరిగే నృత్యాల వరకు ఆ అంచనా తప్పలేదు. తెగ తరువాత తెగ వచ్చి, పావుగంటలో తమ కోతల పాటనో యుద్ధ నృత్యాన్నో ప్రదర్శించి వెళుతుంది, మైకులో ఒకరు దాని అర్థం చెబుతారు, మనం చప్పట్లు కొడతాం. రెండో పూటకు కొంచెం విసుగు కూడా వచ్చింది. కానీ మైదానం వదిలి మోరుంగుల వైపు నడిస్తే సంగతి మారిపోతుంది. మోరుంగ్ అంటే పూర్వం తెగలోని యువకులు రాత్రిళ్ళు పడుకుని, వేట, యుద్ధం, పాట, చెక్కడం పెద్దల దగ్గర నేర్చుకున్న ఉమ్మడి ఇల్లు. కిసామాలో ప్రతి తెగకూ తన పద్ధతిలో కట్టుకున్న మోరుంగ్ ఒకటి ఉంది. అక్కడ ప్రదర్శన ఆగిపోయి వంట మొదలవుతుంది. పొయ్యి మీద అటక కట్టి మాంసపు ముక్కలు వేలాడదీస్తారు, అవి పొగకు నల్లబడి గట్టిపడతాయి. ఉడికించిన సోయా గింజలను ఆకులో చుట్టి పులియబెట్టిన అఖునితో కలిపి పంది మాంసం వండుతారు. అఖుని వాసన మన ఎండుచేపల వాసనకు పెద్దన్న. మొదటి ముద్దకు నేను వెనుకాడాను, మూడో ముద్దకు గిన్నె మళ్ళీ చాపాను. వెదురు గ్లాసులో బియ్యపు కల్లు పోసి ఇస్తారు, పుల్లగా, పలుచగా, మన గంజి తరవాణిని తలపిస్తూ ఉంటుంది. శాకాహారులు మాత్రం అన్నం, ఉడికించిన ఆకుకూరలు, నాగా మిరపకాయ పచ్చడితో సరిపెట్టుకోవడానికి సిద్ధపడి వెళ్ళాలి, ఆ పచ్చడిని కూడా వేలి కొసతోనే తాకాలి.

ఏర్పాట్ల విషయంలో కొన్ని జాగ్రత్తలు అవసరం. బయటి రాష్ట్రాలవారు నాగాలాండ్‌లో అడుగుపెట్టాలంటే ఇన్నర్ లైన్ పర్మిట్ తప్పనిసరి, ఇది 1873 నాటి బ్రిటిష్ నిబంధన నుంచి వస్తున్నది. విమానమైనా రైలైనా దిమాపూర్ వరకే. అక్కడి నుంచి కొహిమాకు 70 కిలోమీటర్లకు పైగా కొండదారి. ఆ పది రోజులూ కొహిమాలో గదుల ధరలు చుక్కలనంటుతాయి, నేను ముందుగా డబ్బు కట్టిన ఒక హోటలు వేడినీళ్ళకు కూడా విడిగా వసూలు చేసింది. రెండో రోజే ఖాళీ చేసి, కిసామాకు నడక దూరంలోని కిగ్వెమా గ్రామంలో ఒక ఇంట్లో దిగాను, ఆ మార్పుతోనే యాత్ర బాగుపడింది. మరొకటి, అక్కడ డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు కుంకుతుంది, కాబట్టి మన అలవాటు ప్రకారం పదింటికి తీరిగ్గా బయలుదేరితే రోజు సగం పోయినట్టే. ఒక ఉదయం కొహిమా యుద్ధ శ్మశానానికి కేటాయించండి. 1944లో జపాను సైన్యం, బ్రిటిష్ భారత సైన్యం ఒక టెన్నిస్ కోర్టుకు అటూ ఇటూ మోహరించి పోరాడిన చోటు అది. ఆ కోర్టు గీతలను తెల్లగా అలాగే నిలిపి ఉంచారు, చుట్టూ సమాధుల వరుసలు.

ఇక త్రిస్సూర్ పూరం. నాలుగింటిలో అతి తక్కువ వసతి, అతి ఎక్కువ ఎండ, కాలు మోపడానికి చోటులేని జనం. అయినా మళ్ళీ వెళ్ళేది దానికే.

మలయాళుల మేడ మాసంలో, అంటే మనకు ఏప్రిల్, మే నెలల్లో, పుబ్బ నక్షత్రం నాడు ఇది జరుగుతుంది. వారు పుబ్బనే పూరం అంటారు. దగ్గర్లోని ఆరాట్టుపుళ ఊళ్ళో జరిగే పూరానికి వానవల్ల ఆలస్యంగా వచ్చిన త్రిస్సూరు ఆలయాలవారిని రానివ్వకపోతే, కొచ్చి రాజు శక్తన్ తంపురాన్ 18వ శతాబ్దం చివర వారి కోసం వడక్కున్నాథన్ ఆలయం చుట్టూ ఈ పూరాన్ని ఏర్పాటు చేశాడని చెబుతారు. ఊరు రెండు పక్షాలుగా చీలుతుంది, ఒకటి పారమెక్కావు ఆలయానిది, రెండవది తిరువంబాడి ఆలయానిది. మరో ఎనిమిది చిన్న ఆలయాల దేవతలు కూడా ఊరేగింపుగా వస్తారు. ఆలయం చుట్టూ తేక్కిన్‌కాడు మైదానం, మైదానం చుట్టూ స్వరాజ్ రౌండ్ అనే గుండ్రటి రోడ్డు ఉన్నాయి, గది ఆ రోడ్డుకు ఎంత దగ్గరగా దొరికితే అంత మేలు.

మధ్యాహ్నం రెండు దాటాక, ఆలయ ప్రాకారం లోపల పొగడ చెట్టు కింద పారమెక్కావు పక్షపు మేళం మొదలవుతుంది. పొగడను వారు ఇలంజి అంటారు కనుక దీనికి ఇలంజిత్తర మేళమని పేరు. మామూలుగా గుడి బయటే వాయించే పాండి మేళాన్ని గుడి లోపల వాయించడం ఇక్కడి ప్రత్యేకత. రెండు వందలమందికి పైగా కళాకారులు ఒక వైపు చెండ డోళ్ళు, వాటి వెనుక ఇలత్తాళాలనే కంచు తాళాలు, ఎదురుగా సన్నాయి లాంటి కుళల్, కొమ్ము బూరలు పట్టుకుని నిలబడతారు. మైకులు లేవు, అవసరమూ లేదు. విలంబంగా మొదలైన దరువు అంచెలంచెలుగా దగ్గరపడుతూ రెండు గంటలకు పైగా నడుస్తుంది. మొదటి అరగంట నాకు అది శబ్దంగానే వినిపించింది. పక్కన నిలబడిన ఒక పెద్దాయన నా అయోమయం కనిపెట్టి, "మోనే" (నాయనా) అంటూ నా మణికట్టు పట్టుకుని, దరువు పూర్తయ్యే చోట నా చేతిని తానే పైకి లేపాడు. నాలుగైదు ఆవర్తాల తరువాత ఆయన వదిలేశాడు, చేయి మాత్రం దానంతట అదే లేచింది. చుట్టూ చూస్తే వేల చేతులు ఒకే క్షణంలో లేస్తున్నాయి. ఆలయం లోపలికి మగవారు చొక్కా విప్పి వెళ్ళాలనీ, హిందువులు కానివారికి ప్రవేశం లేదనీ ముందుగా తెలుసుకుని వెళ్ళండి.

మేళం ముగిశాక జనమంతా దక్షిణ గోపురం వైపు తోసుకుపోతారు. అక్కడ రెండు పక్షాల ఏనుగులు, వైపుకు పదిహేను చొప్పున, ఎదురెదురుగా నిలుస్తాయి. ఒక పక్షం ఏనుగుల మీద ఎర్ర గొడుగులు తీసి నీలం గొడుగులు పడితే, అవతలి పక్షం అంతకు మించినవి పడుతుంది. ఏ గొడుగులు వస్తాయో చివరి వరకు రహస్యమే. గొడుగు మారిన ప్రతిసారీ లేచే కేక విని తీరాలి. కానీ ఆ కేకల మధ్యే నాకు ఏనుగుల కాళ్ళ గొలుసులూ కనిపించాయి. ఏప్రిల్ ఎండలో, అంత రొదలో గంటల తరబడి నిలబడిన జంతువులను చూసి ఆనందించడం నాకు పూర్తిగా చేతకాలేదు. తెల్లవారుజామున జరిగే బాణసంచా గుండెల్లో కొట్టినట్టు ఉంటుంది. 2016లో కేరళలోనే పుట్టింగల్ ఆలయంలో జరిగిన బాణసంచా ప్రమాదంలో వందమందికి పైగా మరణించాక నిబంధనలు బిగించారు కనుక దూరం నుంచే చూడాలి. పసిపిల్లలతో వెళ్ళేవారు అది మానుకోవడమే మంచిది.

నీళ్ళ సీసా, తలమీద తువ్వాలు, తేలికైన నూలు బట్టలు చాలు. సంచీలు గదిలోనే వదిలేయండి. రైల్వేలో ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే రిజర్వేషను ఇస్తున్నారు. అంతకంటే ముందే పూరం తేదీ పంచాంగంలో చూసుకుని, గది ఖాయం చేసుకున్నాకే టికెట్ తీయండి. నేను బాణసంచా అయిన ఉదయమే తిరుగు రైలెక్కాను. నా చేయి పట్టుకున్న పెద్దాయన ఆ మాట విని నొచ్చుకున్నాడు. బయటివాళ్ళు వెళ్ళిపోయాక మరునాడు పగలు జరిగేదే త్రిస్సూరువారి సొంత పూరమట. ఇంటి ఆడవాళ్ళు, పిల్లలు తీరిగ్గా వచ్చి చూసేది, చివరికి రెండు పక్షాల దేవతలూ ఏనుగుల మీద ఎదురెదురుగా నిలిచి ఒకరికొకరు వీడ్కోలు చెప్పుకునేది అప్పుడేనట. ఈసారి తిరుగు టికెట్ ఆ మరునాటి రాత్రికి తీసుకుంటాను.