చెన్నై: ఏ పూట ఏ పేటలో ఉండాలి

చెన్నై వెళ్లే తెలుగువాళ్ల కార్యక్రమం చాలావరకు ఒకేలా ఉంటుంది. సెంట్రల్‌లో దిగడం, టీ నగర్‌లో బట్టలు కొనడం, సాయంత్రం మెరీనా, రాత్రి బండి. అలా వెళ్తే ఊరు కనపడదు. ఈ ఊళ్లో గడియారం చూసి తిరగాలి. మంచి టిఫిన్ పొద్దున తొమ్మిదిలోపు, మళ్లీ సాయంత్రం నాలుగు తర్వాత. గుళ్లు మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నరకి మూస్తారు, నాలుగింటికి తెరుస్తారు. ఆ మధ్య వేళ మ్యూజియానికి, భోజనానికి, కాస్త నిద్రకి వదిలేయండి. పూటకి ఒక పేట చొప్పున పెట్టుకుంటే ఆటో ఖర్చు సగం తగ్గుతుంది.

ముందు దిగే చోటు సంగతి. హైదరాబాద్ నుంచి వచ్చే చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు సెంట్రల్‌కి పోదు, ఎగ్మూర్ మీదుగా తాంబరం వెళ్తుంది. పాత అలవాటు కొద్దీ సెంట్రల్ దగ్గర గది తీసుకున్నవాళ్లు ఎగ్మూర్‌లో దిగి మెట్రో ఎక్కితే చాలు, ఒక్క స్టేషనే. ఆంధ్ర, తెలంగాణ బస్సులు 2018 నుంచి మాధవరం బస్టాండుకి వస్తున్నాయి, కోయంబేడుకి కాదు. మాధవరం ఊరికి ఉత్తరపు కొసన ఉంది. తెల్లవారుజామున అక్కడ దిగితే బయట నిలబడ్డ ఆటోలు నోటికొచ్చిన ధర చెబుతాయి. బస్టాండు లోపలే సిటీ బస్సు చూసుకోండి, లేదంటే యాప్‌లో ఆటో పిలవండి. ముందుభాగం గులాబీ రంగులో ఉండే సాధారణ సిటీ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు.

బసకి మొదటి ఓటు ఎగ్మూర్‌కే. స్టేషన్ ఎదురు సందుల్లో లాడ్జీలు దండిగా ఉన్నాయి, మెట్రోలో విమానాశ్రయానికి పోవచ్చు, మ్యూజియం పక్కనే. సెంట్రల్ ఎదురుగా ఉన్నవి రాత్రంతా హారన్ల మోత. ట్రిప్లికేన్‌లో గదులు చవక, కానీ అక్కడి మాన్షన్లు ఉద్యోగం కోసం వచ్చిన బ్రహ్మచారుల కోసం కట్టినవి, పిల్లాపాపలతో వెళ్లేవాళ్లకి కుదరవు. టీ నగర్ కొనుగోళ్లకి మాత్రమే మంచిది. గది తీసుకునేముందు మూడు అడగండి: ఖాళీ చేసే లెక్క ఇరవై నాలుగు గంటలా లేక మధ్యాహ్నం పన్నెండా, వేడినీళ్లు ఏ వేళ వస్తాయి, లిఫ్టు ఉందా. పాత లాడ్జీల్లో వేడినీళ్లు పొద్దున రెండు మూడు గంటలే వస్తాయి. ఆలస్యంగా లేచేవాళ్లకి చన్నీళ్ల స్నానమే.

ఒక్క పూటే ఉంటే మైలాపూర్‌కి ఇవ్వండి. సెంట్రల్ ఎదుట రోడ్డు దాటితే పార్క్ టౌన్ స్టేషన్. అక్కణ్నుంచి వేళచ్చేరి వైపు లోకల్ ఎక్కి తిరుమయిలైలో దిగాలి. మైలాపూర్‌లో లజ్ కూడలి దగ్గరా, టీ నగర్‌లో పానగల్ పార్కు దగ్గరా మెట్రో రెండో దశ తవ్వకాలతో దారులు మళ్లిస్తున్నారు కాబట్టి ఆటో కంటే ఈ రైలే నయం. ఆరున్నరకల్లా కపాలీశ్వరుడి దర్శనం చేసుకోవచ్చు, ఆ వేళలో ప్రాకారం చల్లగా, ఖాళీగా ఉంటుంది. కోనేటి పక్కగా నడిచి కచేరీ రోడ్డు వైపు వస్తే అరుండేల్ వీధిలో రాయర్ మెస్. లోపల చోటు చాలా తక్కువ. బయట నిలబడాలి, పిలిచినప్పుడు వెళ్లి ఖాళీ అయిన చోట కూర్చోవాలి. పొంగల్, వడ, ఇడ్లీ, గట్టి చట్నీ. మెనూ అంతకంటే పెద్దది కాదు, అందుకే ప్రతిదీ వేడిగా వస్తుంది. పొంగల్ మొదట అయిపోతుంది, తొమ్మిది దాటాక దాని మీద ఆశ పెట్టుకోకండి. ఇక్కడి పొంగల్ మన కట్టెపొంగలి కంటే జారుగా ఉంటుంది, నేతిలో వేయించిన మిరియాలు గింజలుగానే తగులుతాయి. ఫిల్టర్ కాఫీలో పంచదార మామూలుగానే ఎక్కువ వేస్తారు. వద్దనుకుంటే ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాలి, కలిపి తెచ్చాక చేసేదేం లేదు.

టిఫిన్ అయ్యాక మాడవీధులు చుట్టండి. దేవీ నవరాత్రులకి ముందు రోజుల్లో వెళ్తే ఉత్తర మాడవీధి నిండా కొలువు బొమ్మలే. బొమ్మల కొలువు పెట్టే ఇంటివాళ్లు ఖాళీ చేతులతో తిరిగి రాలేరు. మట్టి బొమ్మలు కొంటే ఒక్కోదాన్ని గడ్డిలోనో కాగితాల్లోనో విడిగా చుట్టించుకోండి. రైల్లో విరిగేవి ముక్కు, చేతివేళ్లు. తూర్పు మాడవీధిలో కాళత్తి కొట్టు రోజ్‌మిల్క్ ఎండలో వచ్చినవాళ్లకి ప్రాణం లేచొచ్చేలా ఉంటుంది, తీపి మాత్రం ఎక్కువ.

ఆ దగ్గర్లోనే, రాయపేట హైరోడ్డు మీద, పొట్టి శ్రీరాములు స్మారక భవనం ఉంది. 1952 అక్టోబరు 19న దీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15న ఆయన ప్రాణం విడిచింది ఆ ఇంట్లోనే, బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో. కపాలి గుడి దాకా వచ్చిన తెలుగువాళ్లు ఇక్కడికి రాకుండా వెనుదిరగడం బాధగా ఉంటుంది. పావుగంట చాలు, వెళ్లి రండి.

మధ్యాహ్నం ఎగ్మూర్ మ్యూజియం. 1851లో పెట్టిన సంస్థ ఇది. శుక్రవారం సెలవు, మిగతా రోజుల్లో తొమ్మిదిన్నర నుంచి అయిదు దాకా. ఆవరణలో చాలా భవనాలున్నాయి, వరసపెట్టి చూస్తూ పోతే జంతువుల అస్థిపంజరాల దగ్గరే ఓపిక అయిపోతుంది. నేరుగా అమరావతి శిల్పాల దగ్గరికి వెళ్లండి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకి చేర్చిన పలకల్లో కొన్ని తర్వాత లండన్ పోయాయి, మిగిలినవి ఇక్కడున్నాయి. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న పల్నాటి సున్నపురాయి. ఒక గుండ్రటి పలక మీద నాలాగిరి ఏనుగు కథ ఉంటుంది, అది వదలొద్దు. ఒక పక్క మదమెక్కి వీధిలో మనుషుల్ని తొక్కుతున్న ఏనుగు, మరో పక్క బుద్ధుడి ముందు మోకరిల్లిన అదే ఏనుగు, మేడ కిటికీల్లోంచి తొంగిచూసే ఆడవాళ్లు, అంతా ఒకే చట్రంలో. రెండు వేల ఏళ్లకి దగ్గరైన పని. అమరావతిలో స్తూపం దిబ్బ మాత్రమే చూసి నిరాశపడ్డవాళ్లకి ఆ స్తూపం ఎలా ఉండేదో ఇక్కడే తెలుస్తుంది. తర్వాత కంచు విగ్రహాల భవనం: తిరువాలంగాడు నటరాజు, తిరువెంకాడు అర్ధనారీశ్వరుడు. ఈ రెండు చోట్లకీ కలిపి రెండు గంటలు పెట్టుకోండి. ఫొటోలు తీయాలంటే గేటు దగ్గరే కెమెరా టికెట్ అడగండి, లోపలికి పోయాక మళ్లీ అంత దూరం నడవాలి.

భోజనం గురించి ఒక మాట. అరవ భోజనంలో ముద్దపప్పు, ఆవకాయ వెతుక్కుంటే ఆకలి తీరదు. సాంబారు, వత్తకుళంబు (ఎండబెట్టిన కాయలతో చేసే చిక్కటి పులుసు), రసం, మజ్జిగ వరస. పొడి, నెయ్యి ముందే అడిగి మొదటి ముద్దలు దాంతో తింటే మన నోటికి సరిపోతుంది. ఊరంతా ఆంధ్రా మెస్సులున్నాయి, నాలుగో రోజున నోరు చప్పబడితే వెళ్లండి, ముందే వద్దు. బిర్యానీ హైదరాబాదుది కాదు. పొట్టి గింజ సీరగ సాంబ బియ్యం, పక్కన నూనెలో మగ్గిన వంకాయ కూర. పన్నెండున్నర, ఒంటిగంట మధ్య దించినది తినాలి. సాయంత్రానికి గింజ చితికిపోతుంది.

సాయంత్రం ట్రిప్లికేన్ పార్థసారథి గుడి, తర్వాత రత్నా కేఫ్. ఇడ్లీ పళ్లెంలో పెట్టి మగ్గుతో సాంబారు పోస్తారు, అడిగినన్నిసార్లు పోస్తారు. ఇడ్లీ మునిగాక రెండు నిమిషాలు ఆగి తినండి. అక్కణ్నుంచి మెరీనా దగ్గరే. అయిదున్నర కంటే ముందు ఎండకి ఇసుకలో అడుగుపెట్టలేరు. బఠాణీ సుండల్‌లో, అంటే గుగ్గిళ్లలో, పచ్చి మామిడి, కొబ్బరి వేసి ఇస్తారు. నీళ్లలో మడమల దాకా చాలు, లోపలికి దిగొద్దు. కెరటం వెనక్కి లాగే బలం ఇక్కడ చాలా ఎక్కువ, ఏటా మనుషులు పోతున్నారు.

రాత్రి తిండికి రెండు దారులున్నాయి. సౌకార్‌పేటలో మింట్ వీధి చుట్టుపక్కల మార్వాడీ చాట్, మురుకు శాండ్‌విచ్, నేతిలో మునిగిన ఇడ్లీ. బీచ్ స్టేషన్ ఎదుట సందుల్లో అత్తో బళ్లు. బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలు తెచ్చిన తిండి ఇది. నూడిల్స్‌లో క్యాబేజీ, వేయించిన ఉల్లి, చింతపండు రసం వేసి చేత్తో కలుపుతారు, పక్కన అరటి దూట సూప్. కారం కలపకముందే చెప్పుకోవాలి. కడుపు సున్నితమైనవాళ్లు పచ్చి క్యాబేజీ వద్దనండి.

టీ నగర్‌కి పనిరోజు పొద్దున పదిన్నరకి వెళ్లండి. శని, ఆదివారాల సాయంత్రం రంగనాథన్ వీధిలో నడవడం కాదు, జనం తోసుకుపోతారు. కారు వద్దు, లోకల్‌లో మాంబళం దిగితే వీధి అక్కడే మొదలు. పట్టుచీరకి అసలు పట్టని చెప్పే సిల్క్ మార్క్ చీటీ చూసి తీసుకోండి. ఈ పేటకి పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి, పార్కుకి పేరిచ్చిన కాళహస్తి పానగల్ రాజా ఇద్దరూ తెలుగువాళ్లే. వెంకటనారాయణ రోడ్డులో టీటీడీ వారి వేంకటేశ్వరుడి గుడి ఉంది.

మహాబలిపురానికి ఒక రోజు పూర్తిగా ఇవ్వాలి. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద యాభై అయిదు కిలోమీటర్ల పైచిలుకు. ఆరింటికి తెరుస్తారు, ఏడుకల్లా సముద్రపు గుడి దగ్గర ఉండాలి, తర్వాత పంచ రథాలు. అదే రోజు రెండింటికీ ఒకే టికెట్, కాబట్టి పారేయకండి. అర్జునుడి తపస్సు శిల్పానికి టికెట్ లేదు. పదకొండు దాటితే బండల మీద అరికాళ్లు కాలతాయి. చేప వేయించమనేముందు తూకం, ధర రెండూ ఖాయం చేసుకోండి. తిరుగుదారిలో ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర మ్యూజియంలో నాలుగు దక్షిణాది ప్రాంతాల పాత ఇళ్లు విప్పి తెచ్చి తిరిగి కట్టారు, మన కోస్తా చుట్టిల్లు కూడా అక్కడ ఉంది. మంగళవారం సెలవు. ఆదివారం సాయంత్రం ఈసీఆర్ మీద వెనక్కి రావడం నరకం, మామూలు రోజు పెట్టుకోండి.

అక్టోబరు, నవంబరు వానలకాలం, ఒక్కోసారి రోడ్లే మునుగుతాయి. సంక్రాంతి మూడు రోజులు చిన్న మెస్సులు మూసేస్తారు, పనివాళ్లంతా ఊళ్లకి పోతారు. డిసెంబరు నడుమ నుంచి జనవరి మొదటి రోజుల దాకా వెళ్లడం అన్నిటికంటే మంచిది. ఎండ తగ్గుతుంది, సంగీత సభలు సాగుతుంటాయి. రాత్రి పెద్ద కచేరీలకి టికెట్ ముందే కొనాలి. మధ్యాహ్నం యువ కళాకారుల కచేరీలు చాలా సభల్లో ఉచితం, త్యాగయ్య కీర్తనలు తెలుగులో వింటూ కూర్చోవచ్చు. సభ క్యాంటీన్లలో ఆకు భోజనానికి టికెట్ లేనివాళ్లనీ రానిస్తారు. పన్నెండుకల్లా వరసలో ఉండండి, ఒంటిగంటకి కూరలు అయిపోతాయి.