క్లామ్ పిల్లల పేరు చెప్పి అమ్మే ఫైటో సీసా: ఎంత పోయాలి, ఎంత నమ్మాలి

ఉప్పునీటి అక్వేరియం సామాన్లమ్మే షాపుల్లో ఆకుపచ్చ నీళ్ల సీసా ఒకటుంటుంది. 250 లేదా 500 మి.లీ. ఉంటుంది. లేబుల్ మీద 'లైవ్ ఫైటోప్లాంక్టన్' (బతికున్న సూక్ష్మ నాచు) అనీ, దాని కింద క్లామ్‌లకు (రెండు చిప్పల సముద్రజీవులకు), కోరల్స్‌కు (పగడాలకు) అనీ రాసి ఉంటుంది. రెండంగుళాల లోపు క్లామ్ కొంటే చాలు, ఇది పోయకపోతే పిల్ల బతకదని చెప్పి సీసా కూడా అంటగడతారు. సీసా మంచిదే. వాళ్లు చెప్పే మాటే సగం నిజం.

ముందు క్లామ్ సంగతి. అక్వేరియంలో పెంచే క్లామ్‌ల ట్రైడాక్నా కుటుంబమంతా సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. అందులో మాక్సిమా, స్క్వామోసా అనే జాతులు 2001లోనే మన వన్యప్రాణి చట్టం ఒకటో షెడ్యూల్‌కు ఎక్కాయి. పులి పేరున్న షెడ్యూల్ అది. రంగు ఎంత బాగున్నా వాటి జోలికి పోవద్దు. డెరాసా, క్రోసియా అయినా హేచరీలో పుట్టినట్టు, అనుమతితో దిగుమతి చేసుకున్నట్టు కాగితాలు చూపించాలి, కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు కావాలి. కాగితాల మాటెత్తగానే ధర తగ్గించే షాపులో ఇంక నిలబడే పని లేదు.

ఇప్పుడు ఆ సగం నిజం. 1992లో అచ్చయిన ఒక అధ్యయనంలో, పొడి మాంసం 100 మిల్లీగ్రాములున్న పిల్ల క్లామ్ తనకు కావలసిన కార్బన్‌లో 65 శాతం నీళ్లు వడగట్టుకుని సంపాదిస్తుందని తేలింది. 10 గ్రాములున్న పెద్దదాంట్లో అది 34 శాతమే. మిగతాదంతా మ్యాంటిల్‌లో (చిప్పల మధ్య విచ్చుకునే రంగురంగుల కండలో) కాపురముండే జూజాంథెల్లే అనే నాచుకణాలు వెలుతురుతో వండిపెడతాయి. కానీ ఆ లెక్క ట్రైడాక్నా గైగాస్‌ది. నాలుగడుగులు పెరిగే ఆ జాతిని ఇంట్లో ఎవరు పెంచుతారు? అమ్మేవాళ్లకు 65 గుర్తుంది, గైగాస్ గుర్తులేదు.

సీసాలో అసలెంత తిండి ఉందో కూడా చూడాలి. కల్చర్‌కు, అంటే నాచు పెంపకానికి, అందరూ వాడే ఎఫ్/2 అనే ఎరువు కలిపిన నీళ్లలో లీటరుకు 12 మి.గ్రా. చిల్లర నైట్రోజన్ ఉంటుంది. అదంతా నాచుగా మారినా 10 మి.లీ.లో పొడి బరువు రెండు మూడు మిల్లీగ్రాములకు మించదు. చేపలకు వేసే చిటికెడు ఫ్లేక్ ఫుడ్ దానికి పదుల రెట్లు తూగుతుంది. ఇందులో ఒక మంచీ ఉంది: ఫైటో పోస్తే ఫాస్ఫేట్ పెరుగుతుందన్న భయం అక్కర్లేదు. ఎఫ్/2 ఎరువు ఏమాత్రం ఖర్చు కాకుండా అట్లనే ఉన్నా, 100 లీటర్లలో 10 మి.లీ. పోస్తే పెరిగే ఫాస్ఫేట్ 0.0004 పీపీఎం (లీటరుకు మి.గ్రా.) లోపే. ఏ టెస్ట్ కిట్టూ దాన్ని పట్టలేదు. ఎరువు బాగా దట్టించి పెంచిన సీసాలైతే ఈ లెక్క మారుతుంది.

కాబట్టి క్లామ్ పిల్ల చనిపోతే ఫైటో పోయలేదని బాధపడకుండా ముందు ఆల్కలినిటీ (నీళ్లలో కార్బొనేట్ నిల్వ, దాన్ని డీకేహెచ్‌లో కొలుస్తారు) చూడాలి. పెరిగే పిల్ల రోజూ చిప్ప కడుతూనే ఉంటుంది, దానికి కాల్షియం, కార్బొనేట్ కావాలి. ఆల్కలినిటీ 8 నుంచి 9 డీకేహెచ్, కాల్షియం 400 నుంచి 450, మెగ్నీషియం 1300 పీపీఎం దగ్గర నిలబెట్టాలి. నిలబెట్టడమే కష్టం, సోమవారం 9, శనివారం 6.5 ఉండే ట్యాంకులో పిల్ల నిలవదు. 100 లీటర్లలో ఒక డీకేహెచ్ పెంచాలంటే 3 గ్రాముల వంట సోడా చాలు. బేకింగ్ పౌడర్ వేరే, అది వద్దు. సోడాను ఆర్వో నీళ్లలో కరిగించి, నీళ్లు జోరుగా పారే చోట మెల్లగా పోయాలి, రోజుకు ఒక డీకేహెచ్ మించి పెంచొద్దు. కిళ్లీ సున్నంతో కాల్షియం పెంచుదామనుకునే వాళ్లూ ఉన్నారు. అందులో ఇంకేం కలిసిందో ఎవరికీ తెలియదు, దాన్ని కిళ్లీలకే వదిలేయండి.

పిల్ల పెరుగుతున్నదా లేదా అన్నది చిప్ప అంచే చెబుతుంది. కొత్తగా కట్టిన భాగం తెల్లగా, శుభ్రంగా కనిపిస్తుంది. నెల గడిచినా ఆ తెల్ల గీత రాకపోతే ముందు ఆల్కలినిటీ, తర్వాత లైటు చూసుకోవాలి. డెరాసాకు 150 నుంచి 250 పార్ (నాచుకు పనికొచ్చే వెలుతురు కొలత) సరిపోతుంది, క్రోసియాకు 300 పైనే కావాలి. మ్యాంటిల్ మరీ బయటికి సాగి వెలుతురు కోసం వెతుకుతున్నట్టుంటే లైటు చాలట్లేదని అర్థం. షాపులో మసక వెలుతురులో ఉన్నదాన్ని తెచ్చిన రోజే పైన పెడితే మాడిపోతుంది. కింద మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో పైకి జరపాలి. చిన్న రాయి ముక్కకో, పింగాణీ పలకకో అతుక్కోనిస్తే రాయితో పాటే జరపొచ్చు. బిస్సస్ దారాలతో పట్టుకున్నదాన్ని గుంజితే పాదం దగ్గర చిరిగి, అక్కడితో దాని పని అయిపోతుంది. నైట్రేట్ సున్నాకు దించి గొప్పగా చెప్పుకునే ట్యాంకులో క్లామ్ పాలిపోతుంది. 5 నుంచి 10 పీపీఎం ఉండనివ్వండి. క్లామ్ నైట్రోజన్‌ను నీళ్ల నుంచే పీల్చుకుంటుంది, అంటే చేపలకు వేసిన తిండిలో దానికీ వాటా ఉంది.

ఇవన్నీ కుదిరిన ట్యాంకులో, ఐదు సెంటీమీటర్ల లోపు పిల్లకు మంచి సీసా తేడా చూపిస్తుంది. ఆ మంచి సీసా ఏదో పోల్చుకోవడం నేర్చుకోవాలి.

లేబుల్ మీద నాచు జాతుల పేర్లు ఉండాలి. నానోక్లోరోప్సిస్ ఒక్కటే ఉంటే సగం సరుకు. దాని కణం రెండు నుంచి ఐదు మైక్రాన్లు, గోడ గట్టిది. ఈపీఏ అనే ఒమేగా-3 కొవ్వు బాగుంటుంది గానీ డీహెచ్‌ఏ అనే మరో ఒమేగా-3 ఉండదు. ఆ లోటు ఐసోక్రైసిస్ తీరుస్తుంది. టెట్రాసెల్మిస్ కాస్త పెద్దది, తోకలతో ఈదుతుంది కాబట్టి త్వరగా అడుగుకు చేరదు. మూడూ కలిసిన సీసాయే కొనాలి. ఐసోక్రైసిస్‌కు గట్టి గోడ లేదు, ముందు చచ్చేది అదే. కాబట్టి మూడు కలిసిన సీసా తీసుకుంటే మూడు వారాల్లో ఖాళీ చేసే లెక్కన చిన్నదే తీసుకోవాలి.

సీసా వచ్చిన రోజే మూత తీసి వాసన చూడండి. పచ్చి గడ్డి వాసనో, సముద్రపు వాసనో రావాలి. కుళ్లిన గుడ్డు కంపు కొడితే ట్యాంకులో చుక్క కూడా పోయొద్దు. అడుగున పేరుకున్నది ఊపగానే కలిసిపోతే మంచిదే, ఉండలు ఉండలుగా తేలితే ఖరాబైనట్టే. అనుమానం తీరకపోతే 20 మి.లీ. గాజు గిలాసలో పోసి, ఎండ తగలని కిటికీ దగ్గర రెండు రోజులు ఉంచండి. బతికున్నది పచ్చగానే ఉంటుంది, చచ్చింది పసుపుపచ్చకు తిరిగి అడుగుకు దిగుతుంది. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర పెట్టి రోజుకోసారి ఊపాలి, రెండు రోజులకోసారి మూత తీసి గాలి తగలనివ్వాలి. ఫ్రీజర్‌లో మాత్రం వద్దు.

పోసే పద్ధతి ఇది. ఉదయం లైట్లు వెలిగి క్లామ్ పూర్తిగా విచ్చుకున్నాక స్కిమ్మర్ (నురుగుతో మలినాలు తీసేది), యూవీ లైటు ఆపి, ఫిల్టర్ సాక్ (నీళ్లు వడగట్టే సంచి) తీసేయాలి. నీళ్లను కదిపే వేవ్‌మేకర్ తిరుగుతూనే ఉండాలి. సూది లేని 10 మి.లీ. సిరంజితో 100 లీటర్లకు 5 మి.లీ. కొలిచి నీటి పారుదలలో వదలాలి. క్లామ్ నోట్లో పిచికారీ చేసినట్టు పోస్తే అది ఠక్కున మూసుకుంటుంది. గంట తర్వాత స్కిమ్మర్ వేయాలి. రోజు విడిచి రోజు ఇట్లా పోసి, రెండు వారాల తర్వాత 10 మి.లీ.కి పెంచొచ్చు. క్లామ్ గోధుమరంగు జిగురు పోగులు వదులుతుంటే అది తినలేక ఉమ్మేస్తున్నట్టు, మోతాదు సగం చేయాలి. పిల్ల నాలుగంగుళాలు దాటాక దానికోసమని సీసా కొనక్కర్లేదు.

చిక్కటి ఫైటో పేస్ట్‌లో చాలావరకు చచ్చిన కణాలే, కానీ పోషణ ఉంటుంది. చుక్కల్లో కొలవాలి, చెయ్యి జారితే ఫాస్ఫేట్ నిజంగానే పెరుగుతుంది. ఎండు ఫైటో పొడి క్లామ్‌కు దండగ.

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు సీసాకు అసలు శత్రువు దారే. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట పార్సిల్ బండిలో నాలుగు గంటలుంటే లైవ్ అన్న మాట లేబుల్ మీదే మిగులుతుంది. థర్మకోల్ డబ్బాలో జెల్ ప్యాక్‌తో, హైదరాబాద్ నుంచి రాత్రి బయలుదేరేట్టు చెప్పి, తెల్లవారి కార్గో కౌంటర్ తెరవగానే తెచ్చుకోవాలి.

నీళ్ల విషయంలో ఇక్కడివాళ్లకు ఫ్లోరైడ్ భయం ఎక్కువ. సముద్రపు నీళ్లలోనే లీటరుకు 1.3 మి.గ్రా. ఫ్లోరైడ్ సహజంగా ఉంటుంది. బోరు నీళ్లలో క్లామ్‌కు చేటు చేసేవి సిలికేట్, నైట్రేట్, ఇత్తడి ఫిట్టింగుల నుంచి దిగే రాగి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే నల్లగొండ టెక్నిక్ మన తాగునీటి కోసం పుట్టింది, ట్యాంకు కోసం కాదు. ఆర్వో తర్వాత డీఐ రెజిన్ (మిగిలిన లవణాలను పట్టేసేది) పెట్టి టీడీఎస్ సున్నా వచ్చిన నీళ్లే వాడాలి. ఎండకాలం ఫ్యాన్ పెడితే మన పొడి గాలికి నీళ్లు రెండు మూడు డిగ్రీలు చల్లబడతాయి. కానీ 100 లీటర్లలో 3 లీటర్లు ఆవిరైతే ఉప్పు లీటరుకు దాదాపు 35 గ్రాముల నుంచి 36కు ఎక్కుతుంది, తగ్గినంత మంచినీళ్లు ఏ రోజుకారోజు పోయాల్సిందే.

పిరమిడెల్లిడ్ నత్తలను కూడా మరవొద్దు. బియ్యపు గింజంత కూడా ఉండవు. పగలు దాక్కుని రాత్రి చిప్ప అంచున, పాదం రంధ్రం దగ్గర చేరి రసం పీలుస్తాయి. పెద్ద క్లామ్ తట్టుకుంటుంది, పిల్ల తట్టుకోదు. కొత్త క్లామ్ తెచ్చాక ఆరు వారాలపాటు రాత్రి టార్చ్ వేసి చూసి, దొరికినవాటినీ జిగురులాంటి గుడ్లనూ మెత్తటి టూత్‌బ్రష్‌తో తోమేయాలి.

ఫైటోను ఏడాది పొడుగునా పోయాలనుకుంటే ఇంట్లో పెంచుకోవడమే చవక. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో 1.020 సాంద్రత ఉప్పునీళ్లు, ఎఫ్/2 ఎరువు, మంచి సీసా నుంచి 200 మి.లీ. నానోక్లోరోప్సిస్ విత్తనం పోయాలి. ఎయిర్‌స్టోన్ లేకుండా గట్టి గొట్టంతో బుడగలు వదలాలి. 6500 కెల్విన్ ఎల్‌ఈడీ రోజుకు 16 గంటలు వేస్తే వారంలో ముదురు ఆకుపచ్చకు వస్తుంది. సగం తీసుకుని మిగతా సగానికి కొత్త నీళ్లు, ఎరువు కలపాలి. గది వేడి 32 దాటితే కల్చర్ కూలిపోతుంది. అందుకే ఏప్రిల్ చివర్లో ఒక సీసా ఫ్రిజ్‌లో దాచిపెట్టి రోజూ ఊపుతూ ఉంటే, మిరుగు వానలు పడి గది చల్లబడ్డాక ఆ విత్తనంతోనే మళ్లీ మొదలుపెట్టొచ్చు.