ఎడమచేతి విల్లు కొని ఐదు నెలలు: నా రివ్యూ

ముందే చెప్తున్నా, నేను ఎడమచేతి వాటం మనిషిని కాదు. అన్నం, రాత, క్యారమ్స్ అన్నీ కుడిచేత్తోనే. విల్లు కూడా మూడేళ్లు కుడివాటంగానే వేశాను, అంటే ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో లాగడం, 40 పౌండ్ల (పూర్తిగా లాగడానికి పట్టే బలం) రికర్వ్, అంటే కొసలు ముందుకు వంగి ఉండే విల్లు. ఆ మూడేళ్లూ బాణాలు ఎడమకే పోయేవి. ఎడమ కన్ను మూస్తే సరిగ్గానే పడేవి కానీ సాయంత్రం వెలుతురు తగ్గాక ఒంటికన్నుతో చూసి చూసి తలనొప్పి వచ్చేది. విల్లుది తప్పనుకున్నా, బాణాలది తప్పనుకున్నా, రెండుసార్లు రెస్ట్ (బాణం ఆనించే చిన్న మెట్టు) కూడా మార్చా.

అసలు సంగతి పట్టుకున్నది ఒహాయోలో ఉండే మా బావ. ఆయన ఏటా అక్కడ లైసెన్సు తీసుకుని జింకల వేటకు పోతాడు, భుజం ఆపరేషన్ అయ్యాక కుడి నుంచి ఎడమకు మారాడు. వీడియో కాల్‌లో రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతుల మధ్య చిన్న సందు పెట్టి, అందులోంచి గోడ గడియారం చూడమన్నాడు. కుడి కన్ను మూస్తే గడియారం అక్కడే ఉంది, ఎడమ కన్ను మూస్తే మాయం. "ఇగ ఏముంది బామ్మర్దీ, నీది ఎడమ కన్ను. బాణం కుడి చెంప దగ్గర పెట్టుకుని ఎడమ కన్నుతో గురి చూస్తే ఎడమకు గాక ఎటు పోతది?" అన్నాడు. సుమారు మూడోవంతు మందిలో పెత్తనం ఎడమ కన్నుదేనట. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష మొదటి విల్లు కొనకముందే చేసుకుని ఉంటే నాకు మూడేళ్లు మిగిలేవి.

సరే, విల్లు సంగతి. కన్ను ఎడమదని తేలాక కొన్నది కుడిచేత్తో పట్టుకుని ఎడమచేత్తో లాగే విల్లు. 62 అంగుళాల టేక్‌డౌన్ రికర్వ్, చెక్క రైజర్ (చేత్తో పట్టుకునే మధ్య భాగం), విప్పితే మూడు ముక్కలు, 24 పౌండ్ల లింబ్స్ (పైనా కిందా వంగే రెండు బద్దలు). ఆన్‌లైన్‌లో ఒక దుకాణంలో సెట్టు మొత్తం 12,400కు తీసుకున్నా. పెట్టె మీద ఎడమచేతిది అని స్టిక్కర్ ఉంది, లోపల కుడిచేతి రైజర్ ఉంది! మార్చి పంపడానికి 19 రోజులు పట్టింది. మీరు కొంటే పెట్టె విప్పగానే చూసుకోండి: స్ట్రింగ్ మీ వైపు ఉండేలా పట్టుకున్నప్పుడు రైజర్‌లో బాణం కోసం కోసిన కిటికీ కుడి పక్కన ఉండాలి. ఎడమ పక్కన ఉంటే అది కుడిచేతి విల్లు, వెంటనే వాపసు పంపండి. ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది, ఈ రకం విల్లులో లింబ్స్‌కి కుడి ఎడమ లేదు, తేడా అంతా రైజర్‌లోనే. పాత విల్లు అదే మోడల్ అయితే ఎడమ రైజర్ ఒక్కటి కొంటే చాలు. మన దేశంలో ఇండియన్ రౌండ్ అనే పోటీల్లో వాడే వెదురు విల్లుకైతే కిటికీయే ఉండదు, ఏ చేత్తోనైనా లాగొచ్చు.

ధర్మసాగర్ పోయే దారిలో మా దోస్తు పొలం ఉంది, అక్కడే ప్రాక్టీస్. టార్గెట్ అంటే ఎనుమాముల మార్కెట్ నుంచి తెచ్చిన మిర్చి గోనె సంచులు, లోపల పాత చీరలు, ప్లాస్టిక్ కవర్లు కుక్కాం. బాణం బాగానే ఆగుతుంది, కానీ మొదటి రోజు పీకిన చేత్తోనే కన్ను నలుపుకున్నా, అదీ ఎడమ కన్నే. ఆ రోజుకు ప్రాక్టీస్ అయిపోయింది.

మొదటి రెండు వారాలు మాత్రం నరకం. 40 పౌండ్లు లాగిన మనిషికి 24 పౌండ్లు ఎంతలే అనుకున్నా, పదిహేను బాణాలకే ఎడమ భుజం వెనక కండరాలు వణికాయి. కుడిచేతి బలం ఎడమకు రాదు, మళ్లీ మొదటి నుంచి పెంచుకోవాల్సిందే. ఎడమచేతి వేళ్లు స్ట్రింగ్‌ను శుభ్రంగా వదలవు, చివర్లో ఒక చిన్న గుంజు గుంజుతాయి. మోచేయి తిప్పడం తెలియక కుడి ముంజేతి మీద స్ట్రింగ్ తగిలి వంకాయ రంగు మచ్చ, ఆఫీసులో అందరూ ఏమైందని అడిగేవాళ్లే. మూడు మీటర్ల దూరంలో సంచి పెట్టుకుని కళ్లు మూసి రోజూ నలభై బాణాలు వేశాక గానీ చెయ్యి దారికి రాలేదు.

రెండో నెలలో బాణాలు కుడికి పోవడం మొదలైంది. మళ్లీ కన్నేనేమో అని టెన్షన్ పడ్డా, కాదు. పాతవి 500 స్పైన్ (బాణం ఎంత వంగుతుందో చెప్పే నంబర్) బాణాలు, 40 పౌండ్లకు సరిపోయాయి, 24కు మరీ బిరుసు. బిరుసు బాణం ఎడమచేతి విల్లులో కుడికే పోతుంది. నంబర్ పెరిగితే బాణం మెత్తన, 900 తీసుకున్నాక మధ్యకు వచ్చాయి. ఇప్పుడు 18 మీటర్లలో రెండు కళ్లూ తెరిచి వేస్తున్నా, ఆరింట్లో నాలుగు అరచేయంత చోటులో పడుతున్నాయి, తలనొప్పి లేదు. విల్లు చప్పుడు చేయదు, ఐదు నెలల్లో రైజర్‌లో పగులు రాలేదు, గ్రిప్ కొంచెం లావు.

వేటకు పనికొస్తుందా అని అడగకండి, మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం ఉంది, కుందేలును కొట్టినా కేసే. అక్కడ అమెరికాలో కూడా చాలా రాష్ట్రాల్లో జింకకు ఇన్ని పౌండ్లు ఉండాలని రాసిపెట్టారు, ఒకచోట 30, ఒకచోట 40. బావ చెయ్యి మారాక ఒక సీజన్ మొత్తం వేటకు పోలేదు. గురి ఉన్నా బలం లేకపోతే బాణం లోతుకు దిగదు, గాయపడ్డ జంతువు అడవిలో ఎక్కడో పడి చస్తుంది, అది నా వల్ల కాదు అంటాడు.

నాలుగు స్టార్లు ఇస్తున్నా. ఒకటి ఎందుకు కోశానంటే, మార్చి పంపిన సెట్టులో వేళ్లకు పెట్టుకునే తోలు ట్యాబ్ మళ్లీ కుడిచేతిదే వచ్చింది. ఇంకో 19 రోజులు ఆగే ఓపిక లేక హన్మకొండ చౌరస్తా దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయనకు నమూనా చూపించి, దీన్ని అద్దంలో చూసినట్టు తిప్పి కోయమన్నా. అటూ ఇటూ తిప్పి చూసి "ఇది ఏ కాలి చెప్పుకు సార్?" అన్నాడు. 60 రూపాయలు తీసుకున్నాడు, ఇప్పటికీ అదే వాడుతున్నా.